పెద్దల నుంచి వచ్చిన జర్మన్ డబుల్ బ్యారెల్: తూటా పెట్టే ముందు

65 మి.మీ. చాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే గది) ఉన్న పాత జర్మన్ తుపాకీలో 70 మి.మీ. తూటా ఏ ఇబ్బందీ లేకుండా దూరుతుంది. గొట్టాలు మూసుకుంటాయి, లివర్ మధ్యకు వచ్చి కూర్చుంటుంది. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది. చిక్కంతా అక్కడే. తూటా పొడవంటే కాల్చాక మూతి విచ్చుకున్నప్పటి పొడవు. మడత మూతి ఉన్న 70 మి.మీ. తూటా కాల్చకముందు 60 మి.మీ.కి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చాంబర్‌లో చోటు చాలదు. మూతి ముందున్న ఇరుకులోకి పోయి పడుతుంది, పెల్లెట్లు (తూటాలోని చిన్న గుళ్ళు) ఆ సందులోంచే నెట్టుకుని పోవాలి. ఒత్తిడి పెరుగుతుంది, భుజానికి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఒక్క తూటాతో గొట్టం పగలకపోవచ్చు. కానీ వందేళ్ళు గట్టిగా నిలిచిన కీలు కొద్ది పెట్టెల తూటాలతోనే వదులైపోతుంది.

చిత్తూరు, అనంతపురం, నెల్లూరు వైపు ఊళ్ళ నుంచి బెంగళూరు, చెన్నై వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో ఇలాంటి తుపాకులు ఇంకా ఉన్నాయి. సావర్, మెర్కెల్, సిమ్సన్, హేనెల్, గ్రైఫెల్ట్ లాంటి పేర్లు కనిపిస్తాయి. ఇవన్నీ దాదాపు ఒకే ఊరి పని. ఆ ఊరు జర్మనీలో తురింగియా ప్రాంతంలోని జూల్. సావర్ కంపెనీ అక్కడ 1751లో మొదలైంది, మెర్కెల్ 1898లో. ఇప్పుడు కొత్తది తెప్పించుకోవడం పేరున్న పోటీ షూటర్లకు తప్ప సామాన్యుడికి అయ్యే పని కాదు. ఉన్నదాన్ని చెడగొట్టుకుంటే ఇంకొకటి రాదు.

ముందు కాగితాలు

లైసెన్సుదారు చనిపోయిన రోజు నుంచి ఆ తుపాకీ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. ‘నాన్నగారి లైసెన్సుకు ఇంకా రెండేళ్ళు గడువుంది కదా’ అనుకుని బీరువాలో ఉంచేస్తే, అది లైసెన్సు లేని ఆయుధం కిందే లెక్క.

వారసుడికి లైసెన్సు ఇవ్వడం గురించి 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం ఉంది. పెద్దాయన బతికి ఉండగానే బదిలీ చేయవచ్చు. ఆయనకు 70 ఏళ్ళు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్ళుగా ఉన్నా చాలు. ఈ దారే మేలు. పోయాక పరుగెత్తడం కన్నా ఇందులో కాగితాలు తక్కువ, తుపాకీ స్టేషన్ గదిలో తుప్పు పట్టే బాధ ఉండదు. మరణం తర్వాతైతే మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, అసలు లైసెన్సు, డిపాజిట్ రసీదు కావాలి. వీటితో పాటు ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధం వాడకంలో శిక్షణ పత్రం, ఇంట్లో భద్రంగా దాచుతానన్న హామీ అడుగుతారు. బెంగళూరు, చెన్నై నగరాల్లో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. తుపాకీ చిత్తూరు జిల్లా లైసెన్సు మీద ఉండి మీరు బెంగళూరులో ఉంటున్నట్లయితే, ఆ లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చూడకుండా కార్లో వేసుకుని సరిహద్దు దాటకండి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా అంతే.

లైసెన్సు పుస్తకంలో ఈ తుపాకీని డి.బి.బి.ఎల్. (డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్, అంటే వెనక నుంచి తూటా పెట్టే జంట గొట్టాల తుపాకీ) అని రాస్తారు. అందులో రాసిన నంబరును గొట్టం అడుగున ఉన్న నంబరుతో, యాక్షన్ (గొట్టాలు వచ్చి మూసుకునే ఉక్కు భాగం) మీద ఉన్న నంబరుతో మీరే పోల్చి చూడండి. పాత గుమాస్తాలు 3ని 8గా, 1ని 7గా రాసిన సందర్భాలు ఉంటాయి. బదిలీ సమయంలోనే దిద్దించుకోవాలి, తర్వాతైతే సంజాయిషీ మీరు ఇచ్చుకోవాల్సి వస్తుంది. మూడు గొట్టాల డ్రిల్లింగ్ అయితే దాని కింది గొట్టం సాధారణంగా రైఫిల్, కాబట్టి డి.బి.బి.ఎల్. అన్న ఒక్క మాట సరిపోదు. లైసెన్సు అధికారిని రాతపూర్వకంగా అడగండి.

వేట సంగతి

ఈ తుపాకులు పుట్టింది వేటకే. కుందేలు, ఫెజంట్, కౌజు కోసం జర్మన్ పొలాల్లో భుజాన వేలాడదీసుకుని తిరగడానికే వీటికి పట్టీ కొక్కేలు పెట్టారు. మన దగ్గర ఆ దారి మూసుకుపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం షెడ్యూళ్ళలో ఉన్న జంతువులను వేటాడటం నిషేధం. వేటాడే ప్రయత్నాన్ని కూడా చట్టం వేట కిందే లెక్కేస్తుంది. పొలంలో అడవిపంది పడిందని ఎవరో పిలిచారని తుపాకీ పట్టుకుని వెళ్ళకండి. అటవీ శాఖ పేరుపెట్టి రాతపూర్వకంగా అనుమతించిన వ్యక్తి తప్ప ఇంకెవరు కాల్చినా నేరమే, తుపాకీ కూడా పోతుంది. అభయారణ్యంలోకి ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించకూడదు. అందుకని తుపాకీ కార్లో ఉన్నప్పుడు బెంగళూరు నుంచి ఊటీకి బండీపూర్, ముదుమలై రోడ్డు వద్దు. అభయారణ్యానికి 10 కి.మీ. లోపల ఉండే లైసెన్సుదారులు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని 34వ సెక్షన్ చెబుతుంది. జాతీయ పార్కులకూ అది వర్తిస్తుంది. బన్నేరుఘట్ట పక్కన, గిండీ చుట్టుపక్కల ఉండేవాళ్ళు అటవీ కార్యాలయంలో కనుక్కోవడం మంచిది.

మిగిలింది రేంజ్‌లో మట్టి బిళ్ళలు కాల్చడం. అది చిన్న సంగతేం కాదు. ఈ తుపాకీ తూగు, చేతిలో తిరిగే తీరు గాల్లో ఎగిరే బిళ్ళ వెంట పోయినప్పుడే తెలుస్తాయి.

గొట్టాల అడుగున రాసింది చదవడం

లివర్ తిప్పి తెరిచి, రెండు చాంబర్లూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి చూడండి. తర్వాత కింద ఉన్న ఫోరెండ్ చెక్క ఊడదీసి గొట్టాలు విడదీయండి. గొట్టాలు విడిగా ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కకండి. లోపలి సుత్తులు పడిపోతే తిరిగి బిగించడానికి నానా తంటాలు పడాలి.

గొట్టాలను తిప్పి పట్టుకుంటే చాంబర్ల కింద చదునైన చోట ముద్రలు ఉంటాయి. జర్మనీలో తుపాకులను పరీక్షించి ముద్ర వేయాలన్న చట్టం 1891లో వచ్చింది, 1893 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ముద్రల్లో కిరీటం, దాని కింద ఒక అక్షరం ఉంటాయి. ‘బి’ అంటే పేల్చి పరీక్షించారు, ‘యు’ అంటే ఆ తర్వాత తనిఖీ చేశారు. ‘ఎస్’ అంటే పెల్లెట్లు కాల్చే నున్నటి గొట్టం, ‘జి’ అంటే లోపల మరలున్న రైఫిల్ గొట్టం. ‘డబ్ల్యూ’ ఉంటే మూతి దగ్గర చోక్, అంటే గొట్టం ఇరుకు, ఉందని అర్థం. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ‘ఎన్’. పొగలేని మందుతో (ఇప్పటి తూటాల్లో ఉండే తుపాకి మందు) పరీక్షించినదానికి కిరీటంతో ‘ఎన్’ వేయడం 1911లో మొదలైంది. 1939 చట్టం 1940 ఏప్రిల్ నుంచి అమలై, కిరీటం స్థానంలో గద్ద వచ్చింది. పొగలేని మందు పరీక్షకు సంబంధించిన ముద్ర ఏదీ కనిపించకపోతే నేటి తూటా దానిలో పెట్టకండి. గొట్టం మీద అలలు అలలుగా, చెక్క నరాల్లా గీతలు ఉంటే అది డమాస్కస్ గొట్టం. ఇనుప, ఉక్కు కడ్డీలను మెలితిప్పి చుట్టి అతికించినది. గోడకు అలంకారంగా ఉంచండి. దానికీ లైసెన్సు కావాలి సుమా.

వృత్తంలో 12 లేదా 16 అన్నది బోర్, అంటే ఏ సైజు తూటా పడుతుందో చెప్పే నంబరు. పక్కన 13/1 లాంటి అంకె ఉంటే కంగారు పడనక్కర్లేదు, అది గొట్టం లోపలి కొలత. 12 బోర్ గొట్టం అసలు కొలత 18.5 మి.మీ., ఇది దానికన్నా కొంచెం బిగువుగా ఉందని అర్థం. చుక్కతో విడదీసిన రెండు అంకెలు, ఉదాహరణకు 7.26 అని ఉంటే, 1926 జూలైలో పరీక్షించారన్నమాట. చాంబర్ పొడవు 65 అనో 70 అనో స్పష్టంగా కొట్టి ఉంటే అదృష్టం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారై, పొడవు రాసి లేనిది 65 మి.మీ. అనే అనుకోండి.

అయినా కొలవాలి, ఎందుకంటే మధ్యలో ఎవరో చాంబర్ తొలిచి ఉండవచ్చు. 12 బోర్‌కి సరిగ్గా 20.2 మి.మీ. వెడల్పున్న పలుచటి ఇత్తడి రేకు కత్తిరించి, చివర చదునుగా రాకి, దాని మీద మి.మీ. గీతలు గీయండి. చాంబర్‌లోకి మెల్లగా జార్చండి. ఇరుకు మొదలయ్యే చోట ఆగుతుంది. అక్కడ 65 చూపిస్తే 65 తూటాలే. చాంబర్‌ని 70కి పెంచి ఇస్తామనే మిస్త్రీలు ఉంటారు, ఒప్పుకోకండి. ఉక్కు పలచబడుతుంది, జర్మనీలో చేసిన పరీక్షకు ఇక అర్థం ఉండదు.

ఆరోగ్యం చూడటం

గొట్టాల జతను కింది కొక్కేన్ని వేలికి తగిలించి వేలాడదీసి, చెక్క పిడితో తట్టండి. గుడిగంటలా మోగి సాగితే రెండు గొట్టాలను కలిపే మధ్య పట్టీల అతుకు బాగుంది. పగిలిన కుండలా మొద్దుగా పలికితే ఎక్కడో టంకం వదిలింది. లోపలికి తేమ పోయి, కనిపించని చోట తుప్పు తింటూ ఉంటుంది.

తర్వాత గొట్టం లోపల బాగా తుడిచి, కిటికీ చట్రం వైపు పెట్టి చూడండి. చట్రం నీడ గొట్టం గోడ మీద సూటిగా గీతలా పడాలి. గీత ఒకచోట వంగితే అక్కడ నొక్కు ఉంది, ఉంగరంలా నల్లగా తిరిగితే ఉబ్బు. నొక్కును చేయి తిరిగిన మిస్త్రీ లోపల గుండు పెట్టి ఎత్తగలడు. ఉబ్బుకు మందు లేదు. గుంటలు మూతి దగ్గరైతే అంత భయం లేదు. చాంబర్ ముందు, ఎడమ చేయి పట్టుకునే భాగంలో లోతైన గుంటలుంటే గోడ మందం కొలిపించాల్సిందే. గొట్టం నడుమ 0.5 మి.మీ. కన్నా తక్కువ వస్తే కాల్చడం మానేయండి.

గొట్టాలు బిగించి, ఫోరెండ్ తీసేసి అటూ ఇటూ కదిలించండి. టక్‌టక్ అంటే కీలు అరిగింది. ఫోరెండ్ స్ప్రింగ్ ఆ వదులును దాచేస్తుంది కాబట్టే దాన్ని తీసి చూడమన్నది. యాక్షన్ ముఖానికి, గొట్టాలకు మధ్య సిగరెట్ కాగితం పెట్టి మూయండి. లాగితే జారి వచ్చేస్తే సందు ఉన్నట్టు. వెలుతురే కనిపిస్తే ముందు మిస్త్రీ, తర్వాతే రేంజ్.

ట్రిగ్గర్లు చూడటానికి డమ్మీ తూటాలు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) కావాలి. ఖాళీగా కొడితే స్ట్రైకర్ (తూటా వెనక పొడిచే సూది) ముక్కు విరుగుతుంది. ముందున్న ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనకది ఎడమది. చేపల కాటా తగిలించి లాగితే 1.5 నుంచి 2 కిలోల మధ్య పడాలి. కిలోకే పడిపోతే ప్రమాదం. డమ్మీలతోనే కాక్ చేసి (సుత్తులు బిగించి), తుపాకీ మడమను, అంటే భుజానికి ఆనించే చెక్క చివరను, రబ్బరు చాప మీద గట్టిగా దించి చూడండి, సుత్తి దానంతట అది పడకూడదు. డ్రిల్లింగ్‌లో ఇంకో గండం ఉంది. చెక్క మెడ (చేత్తో పట్టుకునే సన్నటి భాగం) మీద ఉండే జారుడు గుబ్బ చాలావాటిలో సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) కాదు, రైఫిల్ గొట్టాన్ని ఎంచుకునే మీట. సేఫ్టీ ఎడమ పక్కన ఉంటుంది. మామూలు తుపాకీ అలవాటున్నవాళ్ళు గుబ్బను వెనక్కి లాగి సేఫ్ అయిందనుకుంటారు.

ఏ తూటా

ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ అయినా, విదేశీదైనా, డబ్బా మీద పొడవు చదవకుండా కొనకండి. 65 చాంబర్‌లో 24 నుంచి 28 గ్రాముల సీసం చాలు. బిళ్ళలకు 7½ లేదా 8 నంబరు. ఎల్‌జీ, ఎస్‌జీ లాంటి పెద్ద గుండ్లతో పనే లేదు. ఉక్కు పెల్లెట్లు అసలే వద్దు, బిగువైన పాత చోక్‌లను అవి చెడగొడతాయి. 16 బోర్ తూటాలు మన దుకాణాల్లో అరుదు, కాబట్టి ఆ బోర్ తుపాకీ మీద డబ్బు ఖర్చుపెట్టే ముందు తూటాలు దొరుకుతాయో లేదో చూసుకోండి.

ఎడమ గొట్టం సాధారణంగా ఫుల్ చోక్ (బాగా ఇరుకు), కుడిది దానికన్నా వదులు. ఎంత వదులో కాగితమే చెబుతుంది. 40 గజాల దూరంలో పెద్ద కాగితం పెట్టి కాల్చి, చిల్లులు దట్టంగా ఉన్నచోట 30 అంగుళాల వృత్తం గీసి లెక్కపెట్టండి. మొత్తం పెల్లెట్లలో 70 శాతం పడితే ఫుల్, 60 అయితే హాఫ్. 21 గజాల్లో ఎగిరే స్కీట్ (ఒక రకం మట్టి బిళ్ళల పోటీ) బిళ్ళకు ఫుల్ చోక్ పెడితే గురి తప్పడమే ఎక్కువ. అక్కడ ముందు ట్రిగ్గరే వాడండి.

నూనె, తేమ, మెరుగు

చెన్నైలో, ముఖ్యంగా బీసెంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట, వేలిముద్ర పడిన చోటే తుప్పు లేస్తుంది. నెలకు రెండుసార్లు తుడవాలి. బెంగళూరులో నెలకొకసారి చాలు, వానాకాలంలో తప్ప. కుట్టుమిషన్ నూనె పలచగా, గుడ్డ మీద నాలుగు చుక్కలేసి రాస్తే సరిపోతుంది. కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల కింద అది పేరుకుంటుంది, బెంగళూరు డిసెంబరులో స్ట్రైకర్ల చుట్టూ మైనంలా పట్టేస్తుంది. ఆముదం జిగురవుతుంది.

పాత తోలు సంచి ఎంత అందంగా ఉన్నా దానిలో దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, పదును చేసిన రసాయనాలు ఉక్కును తింటాయి. ఇనుప బీరువాలో మూతి కిందకి పెట్టి నిలబెట్టండి, అప్పుడు నూనె చెక్క మెడలోకి ఇంకదు. నూనె తాగిన వాల్‌నట్ మెత్తబడి, దెబ్బకు చీలుతుంది. పక్కన 200 గ్రాముల సిలికా జెల్ ఉంచి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్ళీ పెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ తుపాకులను చంపేది ‘కొత్తదానిలా చేయడం’. గొట్టాలను మరిగే ఉప్పు ద్రావణంలో ముంచి నల్లరంగు ఎక్కించడం ఇప్పటి పద్ధతి. 140 డిగ్రీల క్షారం మధ్య పట్టీల కిందికి పోయి టంకాన్ని తినేస్తుంది, ఆ తర్వాత లోపల తుప్పు ఆగదు. జంట గొట్టాలకు నెమ్మదిగా తుప్పు పట్టించి, గీకి, నల్లబరిచే పాత పద్ధతే వాడాలి. బఫ్ చక్రం పట్టించడం మరీ నష్టం, అది ముద్రలను, నంబర్లను చెరిపేస్తుంది. నంబరు చెరపడం ఆయుధ చట్టం 8వ సెక్షన్ కింద నేరం. గొట్టం కోసి పొట్టిగా చేయడం 6వ సెక్షన్ కిందికి వస్తుంది.

ఎన్నికలప్పుడు జమ చేయమని ఉత్తర్వు వస్తే వాయిదా వేయకండి, కానీ తయారు చేసి పంపండి. గొట్టాల లోపలా బయటా నూనె కాస్త ఎక్కువ పట్టించండి. మైనపు కాగితంలో చుట్టి, గొట్టాలు, మడమ వేర్వేరుగా పట్టే చెక్కపెట్టెలో పెట్టండి. రసీదులో నంబరుతో పాటు గీతలు, నొక్కులు, చెక్క పరిస్థితి రాయించి, అధికారి ఎదురుగానే ఫోటోలు తీసుకోవడానికి అనుమతి అడగండి. తిరిగి తెచ్చుకున్న రోజు రాత్రే విప్పి తుడవండి, మర్నాటికి వదలకండి.