మూట అవ్వ దగ్గరికి రావాలి: రిమ్‌వరల్డ్ కాలనీలో పెద్దవాళ్ళకి పని పెట్టడం

చిత్తూరు పల్లెల్లో విత్తనం చెనక్కాయలు ఒలిచే పని ఎక్కువగా ఇంట్లో పెద్దవాళ్ళ చేతిలోనే ఉంటుంది. మూట తెచ్చి పంచలో దించుతారు, అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని ఒలుస్తుంది. మిషన్‌కి వేస్తే గంటలో అయిపోతుంది గానీ గింజ బద్దలవుతుంది, పైపొర చిట్లుతుంది, అలాంటి గింజ సరిగ్గా మొలవదు. ఇందులో ఉన్న కిటుకులు రెండు. సరుకు మనిషి దగ్గరికి వస్తుంది, మనిషి సరుకు దగ్గరికి పోదు. చెయ్యి నిదానమైనా పనితనం చెడదు. రిమ్‌వరల్డ్ అనే కంప్యూటర్ ఆటలో మనం ఒక కాలనీని నడుపుతాం, దాని లెక్కలు ఈ రెండింటికీ అతికినట్టు సరిపోతాయి. అయినా చాలామంది అరవై దాటిన పాన్ (కాలనీలోని మనిషి) కనబడగానే హాలింగ్ (సరుకు మోయడం), క్లీనింగ్ అప్పజెప్తారు. ముసలివాళ్ళకి ఇవ్వకూడని పనుల్లో మొదటివి ఆ రెండే.

ముందు హెల్త్ ట్యాబ్ తెరవండి. వయసు అంకెతో మీకు పని లేదు, దాని కింద ఏం రాసుందో చూడండి. వయసుతో వచ్చే జబ్బులు పుట్టినరోజు నాడు తగులుకుంటాయి. ఆటలో ఏడాదంటే 60 రోజులే కాబట్టి ఆ పుట్టినరోజులు మనం అనుకున్నదానికంటే తొందరగా వస్తాయి. బ్యాడ్ బ్యాక్ (నడుము జబ్బు) వస్తే మూవింగ్ (నడక) 30 శాతం, మానిప్యులేషన్ (చేతి సామర్థ్యం) 10 శాతం పడిపోతాయి. ఫ్రెయిల్ (ఒళ్ళంతా బలహీనపడటం) వస్తే రెండూ చెరి 30 శాతం. క్యాటరాక్ట్ (శుక్లం) ఒక కంటికే అయితే రెండో కన్ను చాలావరకు ఆదుకుంటుంది, రెండు కళ్ళకీ వస్తేనే చిక్కు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వేరే బాపతు, దాని సంగతి తర్వాత.

ఉదాహరణకి మీ కాలనీలో మునెమ్మ అనే 68 ఏళ్ళ పాన్ ఉందనుకుందాం. క్రాఫ్టింగ్ 15. నడుము పోయింది, ఫ్రెయిల్ కూడా ఉంది. అంటే మూవింగ్ 40 శాతం. మామూలు మనిషి సెకనుకి 4.6 గడులు నడిస్తే ఆమె 1.84 గడులు నడుస్తుంది. టైలరింగ్ బెంచ్‌కీ బట్టలున్న స్టాక్‌పైల్‌కీ (సరుకు నిల్వ చేసే చోటు) 46 గడుల దూరముంటే, కుర్రాడు పోయి రావడానికి 20 సెకన్లు పడితే ఆమెకి 50 పడతాయి. ఆటలో గంటంటే మామూలు స్పీడులో దాదాపు 42 సెకన్లే. ఒక్కసారి బట్ట తెచ్చుకునేసరికి గంట దాటిపోయిందన్నమాట. మునెమ్మ కుట్టదు అని విసుక్కునేవాళ్ళ కాలనీలో జరుగుతున్నది ఇదే. ఆమె కుట్టలేక కాదు, దారిలో ఉంది.

కాబట్టి గదిని ఆమె చుట్టూ కట్టండి. బెంచ్ ముందు నిలబడే గడిలో కుర్చీ వేయండి, కంఫర్ట్ పెరిగి మూడ్ బాగుంటుంది. ఆ గడికి ఆనుకుని రెండు షెల్ఫులు పెట్టండి, ఒక్కో గడిలో మూడు స్టాక్‌లు పడతాయి. ఒకదాంట్లో గుడ్డ, ఇంకోదాంట్లో తోళ్ళు మాత్రమే ఉండేలా ఫిల్టర్ పెట్టి ప్రయారిటీ క్రిటికల్ చేయండి. మూటలు మోసేది హాలర్లు. పడకగది పక్క గోడకే ఉండాలి, భోజనాల గది ఆ పక్కన. మధ్యలో మట్టి నేల వదలకండి, మట్టి మీద నడక ఇంకాస్త మందగిస్తుంది. రాతి తలుపులు పెట్టారంటే అవి తెరుచుకునేదాకా నిలబడాలి. చెక్క తలుపు నయం, కరెంటుంటే ఆటోడోర్ ఇంకా నయం.

తర్వాత బిల్, అంటే బెంచ్‌కి మీరిచ్చే పని ఆర్డరు. ఇక్కడే ఎక్కువమంది సగంలో వదిలేస్తారు. బిల్ డీటెయిల్స్‌లో ఇన్‌గ్రీడియెంట్ రేడియస్‌ని (ముడిసరుకు కోసం వెళ్ళే దూరాన్ని) షెల్ఫుల దాకా కుదించండి. లేకపోతే షెల్ఫు ఖాళీ అయిన రోజు ఆమె లేచి ఊరవతలికి బయల్దేరుతుంది. కుట్టిన బట్టని ఏం చేయాలన్నచోట డ్రాప్ ఆన్ ఫ్లోర్ పెట్టండి, స్టాక్‌పైల్‌కి మోసుకుపోవడం మళ్ళీ హాలర్ల పనే. ఆఖరికి స్కిల్ రేంజ్. దాన్ని 12 నుంచి 20కి పెట్టి డస్టర్లు (పొడుగు కోట్లు), పార్కాలు (చలి కోట్లు) లాంటి ఖరీదైనవన్నీ ఆ బిల్లులో ఉంచండి. వస్తువు క్వాలిటీ నైపుణ్యం మీద ఆధారపడుతుంది, నడుము మీద కాదు. చేతి సామర్థ్యం తగ్గితే కుట్టడం ఆలస్యమవుతుంది, అంతే. నాలుగు రోజులు పట్టినా మునెమ్మ చేతి పార్కా మునెమ్మ చేతిదే.

ఆ పక్కనే ఇంకో బిల్, స్కిల్ రేంజ్ 0 నుంచి 8, ట్రైబల్‌వేర్ లాంటి చవక బట్టలు. ఇది నేర్చుకునే కుర్రవాళ్ళకి. ఒక్కటే బిల్ పెట్టి అందరికీ వదిలేస్తే కాళ్ళున్న కుర్రాడే ముందొచ్చి మంచి తోలంతా పూర్ క్వాలిటీ చొక్కాలకి తగలేస్తాడు, ఆమె ఖాళీగా కూర్చుంటుంది. ఖాళీగా కూర్చుంటే ఇంకో నష్టం కూడా ఉంది. స్కిల్ 10కి చేరాక వాడకపోతే తరుగుతూ వస్తుంది. పని లేని నిపుణురాలు నిపుణురాలిగా ఎక్కువ కాలం ఉండదు.

వర్క్ ట్యాబ్‌లో మాన్యువల్ ప్రయారిటీస్ ఆన్ చేసి పేషెంట్, బెడ్ రెస్ట్ 1 చేయండి, ఆమె అసలు పని 2. ఫైర్‌ఫైట్, హాల్, క్లీన్, బేసిక్, హంట్ తీసేయండి. 40 శాతం నడకతో మంట దగ్గరికి పంపితే తిరిగి రావడం కష్టం. రెయిడ్ (శత్రువుల దాడి) వచ్చినప్పుడు కూడా డ్రాఫ్ట్ చేయకుండా (పోరుకి పిలవకుండా) లోపల గదిలో ఉంచండి.

అలౌడ్ ఏరియా (పాన్ తిరగగలిగే హద్దు) గీయడం మంచిదే గానీ అందులో ఒక ఉచ్చు ఉంది. పడకగది, పనిగది, భోజనాల గది, ఆసుపత్రి కలిపి ‘పెద్దలు’ అని ఏరియా గీస్తారు, ఫ్రీజర్ మరిచిపోతారు. ఏరియా బయట ఉన్న తిండిని పాన్ ముట్టుకోదు, ఆకలితో మూడ్ పడిపోయి బ్రేక్ అవుతుంది, అంటే అదుపు తప్పుతుంది. ఫ్రీజర్ దూరమైతే భోజనాల గదిలో ఒక షెల్ఫు పెట్టి పదో పన్నెండో మీల్స్ ఉంచండి. సింపుల్ మీల్ బయట నాలుగు రోజులే ఆగుతుంది, అంతకుమించి నింపకండి. మన సంగటి ముద్ద కంటే నయమే అనుకోండి. బెంచ్ ముడిసరుకుదీ ఇదే కథ. షెల్ఫు ఏరియా బయట పడితే పక్క గడిలోనే గుడ్డ కనబడుతున్నా సరుకు లేదంటుంది.

చేతిపని లేనివాళ్ళ సంగతి. సోషల్ ఎక్కువున్న తాతకి వార్డెన్ (ఖైదీలని చూసుకునే) పని, వ్యాపారం పని అప్పజెప్పండి. ఖైదీని మాటలతో తిప్పడానికీ బేరానికీ కావలసింది నోరు, చెవి, తెలివి. నడుముతో పని లేదు. జైలు గది ఆయన పడక దగ్గర కట్టండి, కామ్స్ కన్సోల్ (ఓడలతో మాట్లాడే యంత్రం) కూడా అక్కడే. అంతరిక్ష వ్యాపారుల ఓడలతో బేరం కూర్చున్నచోటి నుంచే సాగుతుంది, ట్రేడ్ బీకన్ మాత్రం సరుకు దగ్గర ఉండాలి. హియరింగ్ లాస్ ఉంటే ఈ పని వద్దు, ధర దగ్గర దెబ్బతింటారు. ఇంటలెక్చువల్ ఉన్నవాళ్ళకి రీసెర్చ్ బెంచ్, ఇది ఎవరైనా చేసేదే కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. బయోటెక్ (ఆటకి అదనంగా కొనే భాగం) ఉంటే చైల్డ్‌కేర్ ఇవ్వండి. బడి బల్ల, బ్లాక్‌బోర్డ్ పెద్దల గది పక్కనే పెడితే పాఠానికి వెళ్ళే దూరం తగ్గుతుంది. పిల్లలకి 7, 10, 13 ఏళ్ళకి గ్రోత్ మూమెంట్లు (ఎదుగుదల మలుపులు) వస్తాయి, అప్పటిదాకా నేర్చుకున్నదాన్ని బట్టే ఎంచుకునే ట్రెయిట్లు (గుణాలు), ఇష్టాలు పెరుగుతాయి. పాఠం చెప్పే పెద్దమనిషి ఒకరున్న కాలనీకి ఆ తేడా తెలుస్తుంది. అలాంటిదే ఇంకో భాగం ఐడియాలజీ ఉంటే మోరల్ గైడ్ (మతగురువు లాంటి) పదవి కూడా కూర్చుని చేసే పెద్దరికమే.

ఇవ్వకూడనిది ఇంకోటి ఆపరేషన్. మెడికల్ 16 ఉన్న ముసలి డాక్టర్ని చూసి మురిసిపోకండి. చూపు, చేతి సామర్థ్యం తగ్గితే సర్జరీ విజయావకాశం కూడా తగ్గుతుంది. పంట కోతల పనీ అంతే, చూపు, చెయ్యి బాగా లేకపోతే పంట దిగుబడిలోనే నష్టం.

డిమెన్షియా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడూ దారి తెలియక తిరుగుతారు. ఆ స్థితిలో మీరు గీసిన ఏరియా వాళ్ళకి పట్టదు, ఆ కాసేపు ఎవరినైనా దగ్గర్లో ఉంచడం తప్ప చేసేది లేదు. వీళ్ళని వార్డెన్‌గా పెట్టకండి.

వైద్యం ఉందా అంటే ఉంది. బయోనిక్ స్పైన్ (కృత్రిమ వెన్ను) వేస్తే బ్యాడ్ బ్యాక్ పోతుంది, బయోనిక్ ఐ (కృత్రిమ కన్ను) వేస్తే క్యాటరాక్ట్ పోతుంది. ఫ్రెయిల్ ఒళ్ళంతటి జబ్బు కాబట్టి అవయవాలు మార్చినంత మాత్రాన పోదు. హీలర్ మెక్ సీరమ్ దొరికితే ఒక డోసుకి ఒకే జబ్బు నయమవుతుంది, అన్నిటికంటే ప్రమాదమైనదాన్నే అది ముందు పట్టుకుంటుంది. ఒంట్లో క్యాన్సర్ ఉంటే నడుముకని ఇచ్చిన సీరమ్ దానికి పోతుంది. లూసిఫెరియం అనే మందు అన్నీ మెల్లగా బాగుచేస్తుంది గానీ ఒకసారి మొదలుపెట్టాక చచ్చేదాకా మానకూడదు. నిల్వ లేకుండా మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

డ్వార్ఫ్ ఫోర్‌ట్రెస్ అనే ఇంకో ఆటలో లెక్క వేరు. అక్కడ మరుగుజ్జులు 150 ఏళ్ళు దాటాకే వయసుతో పోతారు, అప్పటిదాకా బలం తగ్గదు. అందుకే అక్కడ పెద్దరికం ఆట ఇవ్వదు, మీరే ఇవ్వాలి. మేనేజర్, బుక్‌కీపర్, లైబ్రరీలో స్క్రైబ్ (రాతగాడు) పదవులు ముసలివాళ్ళకి కట్టబెట్టి, ఆఫీసు గది పక్కనే పడక వేస్తే చాలు.

మళ్ళీ మునెమ్మ దగ్గరికి. సార్కోఫాగస్ (సమాధి పెట్టె) ఒకటి ముందే కట్టించి ఆమె పేరు మీద అసైన్ చేసి ఉంచండి, భోజనాల గదికి దగ్గర్లో. కాలనీవాళ్ళు తీరిక వేళల్లో సమాధి చూడటానికి వస్తారు, ఆటలో అది కూడా రిక్రియేషనే. ఆమె పోయిన రోజు మీరు తప్పకుండా చేయాల్సింది ఇంకోటి ఉంది. 12 నుంచి 20 అని పెట్టిన ఆ బిల్ అలాగే ఉండిపోతుంది, ఆ స్కిల్ ఉన్నవాళ్ళు ఇంకెవరూ లేకపోతే చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. చలికాలం వచ్చి పార్కాలు లేవని తెలిసేదాకా ఆగకుండా, 0-8 బిల్లులో కుడుతున్న కుర్రాడి క్రాఫ్టింగ్ ఎంతకొచ్చిందో చూసి రేంజ్ అక్కడికి దించండి.