అమెరికాలో మీ కేసు స్టేట్ కోర్టుదా, ఫెడరల్ కోర్టుదా? తేల్చుకునే పద్ధతి

అమెరికాలో రెండు న్యాయవ్యవస్థలు పక్కపక్కనే నడుస్తాయి. ప్రతి రాష్ట్రానికీ సొంత ట్రయల్ కోర్టులు, సొంత సర్వోన్నత న్యాయస్థానం ఉన్నాయి. అవి కాక దేశమంతటా 94 ఫెడరల్ (అంటే కేంద్ర) జిల్లా కోర్టులు, వాటిపైన 13 సర్క్యూట్ అప్పీలు కోర్టులు, అన్నిటికీ పైన వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు. స్టేట్ కోర్టంటే చిన్న కోర్టనీ, కేసు పెద్దదైతే ఫెడరల్ కోర్టుకు పోతుందనీ చాలామంది అనుకుంటారు. అది తప్పు. హత్య కేసులు, కోట్ల డాలర్ల కాంట్రాక్టు తగాదాలు, విడాకులు, వీలునామాలు, ఇంటి అద్దె గొడవలు మామూలుగా స్టేట్ కోర్టుల్లోనే తేలతాయి. దేశంలో దాఖలయ్యే కేసుల్లో అత్యధికం అక్కడివే.

స్టేట్ కోర్టులు దాదాపు ఏ కేసునైనా వినగలవు. ఫెడరల్ జిల్లా కోర్టు వినాలంటే మాత్రం ఆ రకం కేసుకు రాజ్యాంగం మూడో అధికరణంలో చోటుండాలి, దాన్ని వినే అధికారాన్ని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కూడా చట్టం చేసి ఇచ్చి ఉండాలి. కాబట్టి వెతకడం ఎప్పుడూ ఫెడరల్ వైపు నుంచి మొదలుపెట్టండి. ఈ కేసు వినడానికి ఫెడరల్ కోర్టుకు అధికారమిచ్చే సెక్షన్ ఏది? అది దొరక్కపోతే స్టేట్ కోర్టుకు వెళ్లాల్సిందే.

ఇక్కడ ఇరుపక్షాలూ ఒప్పుకున్నా లాభం లేదు. లేని అధికారాన్ని ఎవరి అంగీకారమూ పుట్టించలేదు. 1804లో సుప్రీంకోర్టు తేల్చిన కాప్రన్ కేసులో, ఫెడరల్ కోర్టులో దావా వేసి ఓడిపోయిన వాది తానే పైకోర్టుకెళ్లి "అసలు ఆ కోర్టుకు నా కేసు వినే అధికారమే లేదు" అన్నాడు. సుప్రీంకోర్టు అవునని తీర్పును కొట్టేసింది. ఈనాటికీ అదే నియమం. విచారణ ముగిసి, తీర్పు వచ్చి, అప్పీల్లో ఉండగా కూడా కేసు మొత్తం కుప్పకూలవచ్చు. అందుకే ఈ పని దావా రాయకముందే చేయాలి.

కోర్టు పేరు చూసి మోసపోవద్దు. న్యూయార్క్‌లో "సుప్రీం కోర్టు" అంటే ట్రయల్ కోర్టు, ఆ రాష్ట్రంలో అన్నిటికంటే పై కోర్టు పేరు "కోర్ట్ ఆఫ్ అప్పీల్స్". టెక్సస్‌లో సర్వోన్నత న్యాయస్థానాలు రెండు: సివిల్‌కు ఒకటి, క్రిమినల్‌కు మరొకటి.

మొదట చూడాల్సినవి

కొన్ని కేసులకు ఎంపికే ఉండదు. దివాలా పిటిషన్లు, పేటెంటు, కాపీరైటు ఉల్లంఘన దావాలు ఫెడరల్ కోర్టుల్లో మాత్రమే వేయాలి. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలితే, ఉదాహరణకు తపాలా ట్రక్కు మీ కారును గుద్దితే, దావా ఫెడరల్ కోర్టులోనే, అదీ జ్యూరీ లేకుండా నడుస్తుంది. నేరుగా కోర్టుకెళితే కొట్టేస్తారు. ముందు 2 సంవత్సరాలలోపు సంబంధిత శాఖకు ఎస్ఎఫ్-95 ఫారంతో, ఇన్ని డాలర్లని స్పష్టంగా రాసి క్లెయిము పెట్టాలి. శాఖ రాతపూర్వకంగా తిరస్కరిస్తే ఆ ఉత్తరం పోస్టు చేసిన రోజు నుంచి 6 నెలల్లో దావా వేయాలి. 6 నెలలపాటు ఏ జవాబూ రాకపోతే దాన్ని తిరస్కరణగా లెక్కేసుకుని కోర్టుకు వెళ్లవచ్చు.

ఇమిగ్రేషన్ కోర్టు దారి వేరు. అది న్యాయశాఖలో భాగం, మూడో అధికరణం కింద ఏర్పడిన కోర్టు కాదు. అక్కడి ఉత్తర్వు మీద ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డుకు, బోర్డు నిర్ణయం మీద 30 రోజుల్లో నేరుగా సర్క్యూట్ కోర్టుకు వెళ్లాలి. పౌరసత్వ దరఖాస్తు ఇంటర్వ్యూ అయి 120 రోజులు దాటినా నిర్ణయం చెప్పకపోతే మాత్రం ఫెడరల్ జిల్లా కోర్టులో పిటిషన్ వేయవచ్చు.

రెండో వైపు విడాకులు, భరణం, పిల్లల సంరక్షణ, వీలునామా ప్రొబేట్ ఉన్నాయి. భార్యాభర్తలు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నా, ఆస్తి ఎంత పెద్దదైనా ఫెడరల్ కోర్టు వీటిని ముట్టుకోదు.

దావా ఏ చట్టం మీద నిలబడింది?

పై జాబితాలో మీ కేసు లేకపోతే ఫెడరల్ చట్టాల సంకలనమైన యూఎస్ కోడ్‌లో 28వ టైటిల్ 1331 సెక్షన్ చూడండి. రాజ్యాంగం, ఫెడరల్ చట్టం, విదేశీ ఒప్పందం ఆధారంగా పుట్టిన దావాను ఫెడరల్ కోర్టు వినవచ్చు. సొమ్ముకు కనీస పరిమితి లేదు, పార్టీలు ఎక్కడివారైనా ఫరవాలేదు. ఉద్యోగంలో వివక్ష, ఓవర్‌టైమ్ బకాయి, పోలీసుల మీద పౌరహక్కుల దావా ఇలాంటివి. అయితే ఈ మూడింటినీ స్టేట్ కోర్టులో కూడా వేయవచ్చు. ఫెడరల్ చట్టం కింద వచ్చిన హక్కు కాబట్టి ఫెడరల్ కోర్టే వినాలన్న రూలేమీ లేదు. కాంగ్రెస్ స్పష్టంగా స్టేట్ కోర్టులను పక్కకు తప్పిస్తే తప్ప రెండింటికీ అధికారం ఉన్నట్టే.

ఫెడరల్ చట్టం దావాలో ఎక్కడ కనిపిస్తోందన్నది ఇక్కడ అసలు మెలిక. అది వాది హక్కులో ఉండాలి. ప్రతివాది చెప్పబోయే సమాధానంలో ఉంటే చాలదు. మాట్లీ దంపతుల కేసు దీనికి పాఠం. 1871 నాటి రైలు ప్రమాదానికి పరిహారంగా రైల్వే కంపెనీ వాళ్లకు జీవితాంతం ఉచిత పాసులు ఇచ్చింది. 1906లో కాంగ్రెస్ ఉచిత పాసులను నిషేధించాక కంపెనీ వాటిని ఆపేసింది. దంపతులు ఫెడరల్ కోర్టుకు వెళ్లి, కంపెనీ ఆ చట్టాన్ని అడ్డం పెట్టుకుంటుందనీ, అది చెల్లదనీ దావాలోనే రాశారు. 1908లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు: మీ దావా ఒప్పందం తప్పారని, అది రాష్ట్ర చట్టం వ్యవహారం, ఫెడరల్ చట్టం అవతలివాళ్ల వాదన మాత్రమే అంది. వాళ్లు మళ్లీ కెంటకీ స్టేట్ కోర్టులో మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అక్కడ గెలిచినా, 1911లో అదే సుప్రీంకోర్టు ఈసారి కేసు లోతుల్లోకి వెళ్లి వాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది.

ఫెడరల్ హక్కుతోపాటు అదే సంఘటన నుంచి పుట్టిన రాష్ట్ర చట్టపు హక్కులను కూడా 1367 సెక్షన్ కింద ఒకే దావాలో కలపవచ్చు. కానీ ఫెడరల్ భాగం మొదట్లోనే పోతే జడ్జి మిగతాదాన్ని వదిలేయడం మామూలే. అప్పుడు రాష్ట్ర చట్టపు గడువు ముగిసిపోయిందని కంగారు పడక్కర్లేదు. ఫెడరల్ కోర్టులో ఉన్నంతకాలం, కొట్టేసిన తర్వాత మరో 30 రోజులు ఆ గడువు ఆగి ఉంటుంది. ఆ తర్వాత మిగిలిన గడువు లోపల స్టేట్ కోర్టులో మళ్లీ వేయాలి.

పార్టీలు ఎవరు, సొమ్ము ఎంత?

ఫెడరల్ చట్టంతో సంబంధం లేకపోతే మిగిలేది ముఖ్యంగా 1332 సెక్షన్, వాడుకలో "డైవర్సిటీ". ఎక్కువ దావాలు తప్పటడుగు వేసేది ఇక్కడే. వాదులూ ప్రతివాదులూ వేర్వేరు రాష్ట్రాల పౌరులై ఉండాలి, వివాదంలో ఉన్న మొత్తం 75,000 డాలర్లు దాటాలి. సరిగ్గా 75,000 అయితే చాలదు. వడ్డీ, కోర్టు ఖర్చులు లెక్కలోకి రావు. ఒకే వాది ఒకే ప్రతివాది మీద ఉన్న 50,000, 30,000 డాలర్ల రెండు క్లెయిములను కూడవచ్చు. ఇద్దరు వాదులు చెరో 40,000 కలిపి 80,000 అని చూపడం సాధారణంగా కుదరదు.

"వేర్వేరు" అంటే పూర్తిగా వేర్వేరు. 1806 నుంచి ఇదే నియమం. వాదుల్లో ఒక్కరు, ప్రతివాదుల్లో ఒక్కరు ఒకే రాష్ట్రానివారైతే చాలు, మొత్తం పోతుంది. మనిషి ఏ రాష్ట్ర పౌరుడన్నది అతని స్థిరనివాసం చెబుతుంది: ప్రస్తుతం ఉంటున్న చోటు, అక్కడే ఉండిపోవాలన్న ఉద్దేశం, రెండూ కలిసి. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు, పన్ను రిటర్ను, ఇల్లు దీనికి సాక్ష్యాలు. దావా వేసిన రోజున ఉన్న పరిస్థితే లెక్క. "వాది ఒహాయోలో నివసిస్తున్నాడు" అని రాస్తే సరిపోదు, "ఒహాయో పౌరుడు" అని రాయాలి. ఈ ఒక్క పదం కోసం జడ్జీలు దావాలను తిప్పి పంపుతారు.

కార్పొరేషన్‌కు రెండు పౌరసత్వాలు ఉండవచ్చు: నమోదైన రాష్ట్రం, ప్రధాన కార్యాలయం ఉన్న రాష్ట్రం. ప్రధాన కార్యాలయం అంటే పై అధికారులు కూర్చుని కంపెనీని నడిపించే చోటని 2010లో హెర్ట్జ్ కేసులో తేలింది. ఫ్యాక్టరీ ఎక్కడుందన్నది కాదు. ఎల్ఎల్‌సికి (సభ్యుల బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీకి) ఈ లెక్క వర్తించదు. దాని సభ్యులందరూ ఏయే రాష్ట్రాల పౌరులో అది ఆ రాష్ట్రాలన్నిటికీ చెందుతుంది, సభ్యుల్లో మరో ఎల్ఎల్‌సి ఉంటే దాని సభ్యులనూ తవ్వాలి. డెలావేర్‌లో నమోదైందని తృప్తిపడి ఆగిపోతే, నలభయ్యో సభ్యుడు మీ రాష్ట్రం వాడేనని ఏడాది తర్వాత బయటపడవచ్చు. అందుకే 2022 డిసెంబరు నుంచి ఫెడరల్ సివిల్ విధాన నిబంధన 7.1 ప్రకారం డైవర్సిటీ కేసుల్లో ప్రతి పార్టీ తన పౌరసత్వం చెబుతూ మొదట్లోనే పత్రం దాఖలు చేయాలి.

విదేశీయుల విషయం ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. టెక్సస్‌లో హెచ్-1బి మీద ఉన్న భారతీయుడు టెక్సస్ పౌరుడి మీద డైవర్సిటీ కింద దావా వేయవచ్చు, చట్టం దృష్టిలో అతను విదేశీ పౌరుడు. అదే మనిషికి గ్రీన్‌కార్డు వచ్చి టెక్సస్‌లోనే స్థిరపడితే ఆ దారి మూసుకుపోతుంది. రెండు వైపులా విదేశీయులే ఉన్నా కుదరదు. అమెరికా పౌరుడే హైదరాబాదులో స్థిరపడితే అతను ఏ రాష్ట్రానికీ పౌరుడు కాడు, విదేశీయుడూ కాడు. డైవర్సిటీ కింద అతను దావా వేయలేడు, అతని మీద వేయనూ లేరు.

ఇవన్నీ తేలాక దావా మొదట్లోనే ఏ సెక్షన్ కింద, ఏ వాస్తవాల వల్ల కోర్టుకు అధికారం ఉందో రాయాలి. దానితో జేఎస్-44 అనే కవర్ షీటు ఇవ్వాలి. అందులో అధికారానికి ఆధారం కింద నాలుగు గడులుంటాయి: అమెరికా ప్రభుత్వం వాది, ప్రభుత్వం ప్రతివాది, ఫెడరల్ ప్రశ్న (1331 సెక్షన్ కేసులు), డైవర్సిటీ. గడిలో టిక్కు పెట్టినంత మాత్రాన అధికారం రాదు, దావాలోని వాస్తవాలే ముఖ్యం. ఫీజు 405 డాలర్లు. ఆధారం బలహీనంగా ఉంటే, స్టేట్ కోర్టు కూడా వినగలిగిన కేసైతే, అక్కడే వేయడం మంచిది. నెమ్మదిగా నడవచ్చు గానీ, రెండేళ్ల తర్వాత ఈ కారణంతో కూలిపోదు.

మీ మీద స్టేట్ కోర్టులో దావా పడితే

ఆ కేసు ఫెడరల్ కోర్టులో కూడా వేయదగినదైతే ప్రతివాది దాన్ని అక్కడికి మార్చుకోవచ్చు. వాదికి ఈ హక్కు లేదు, ఎదురు దావా పడినా లేదు. సమన్లు, దావా నకలు చట్టప్రకారం అందిన రోజు నుంచి 30 రోజుల గడువు. ఆ ప్రాంతపు ఫెడరల్ జిల్లా కోర్టులో కారణాలు రాసిన నోటీసు, స్టేట్ కోర్టులో మీకు అందిన కాగితాలన్నిటి నకళ్లు దాఖలు చేయాలి. అప్పటికే సమన్లు అందిన మిగతా ప్రతివాదులందరూ ఒప్పుకోవాలి (ఎక్కువగా మరిచిపోయేది ఇదే). వెంటనే అవతలి పక్షానికి తెలిపి, స్టేట్ కోర్టు క్లర్కుకూ నకలు ఇవ్వాలి. క్లర్కుకు అది చేరాకే స్టేట్ కోర్టు ఆగుతుంది. ఫెడరల్ కోర్టులో జవాబు దాఖలుకు దావా అందిన నాటి నుంచి 21 రోజులు, మార్చిన నాటి నుంచి 7 రోజులు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

డైవర్సిటీ కేసుకు ఇంకో రెండు అడ్డంకులున్నాయి. సమన్లు అందిన ప్రతివాదుల్లో ఒకరు ఆ రాష్ట్రం పౌరుడే అయితే మార్చడానికి లేదు. కేసు మొదలై ఏడాది దాటితే, వాది దురుద్దేశంతో అడ్డుకున్నట్టు తేలితే తప్ప, మార్చలేరు.

కేసును వెనక్కి పంపమని అడగాలనుకున్న వాది, గడువు దాటింది, సమ్మతి లేదు లాంటి లోపాలను 30 రోజుల్లో ఎత్తాలి. అధికారమే లేదన్న అభ్యంతరానికి గడువు లేదు. మరో దారి 2025 జనవరిలో రాయల్ కానిన్ కేసులో ఖాయమైంది: వాది తన దావాను సవరించి ఫెడరల్ క్లెయిములన్నిటినీ తీసేస్తే, డైవర్సిటీ లాంటి మరో ఆధారం లేని పక్షంలో ఫెడరల్ కోర్టుకు మిగతా భాగం మీద కూడా అధికారం పోతుంది, కేసు స్టేట్ కోర్టుకు తిరిగి వెళ్తుంది.

ఎవరి చట్టం, ఎవరి మాట చివరిది?

కోర్టు మారితే చట్టం మారదు. డైవర్సిటీ కేసులో ఫెడరల్ జడ్జి విధానం వరకే ఫెడరల్ నియమాలు పాటిస్తాడు, హక్కులూ బాధ్యతలూ రాష్ట్ర చట్టం ప్రకారమే తేలుస్తాడు. 1938 నాటి ఈరీ రైల్‌రోడ్ తీర్పు ఇది. రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పడంలో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానానిదే చివరి మాట. స్పష్టత లేనప్పుడు చాలా రాష్ట్రాల్లో ఫెడరల్ కోర్టు ఆ ప్రశ్నను రాసి వాళ్లకే పంపించి జవాబు తెప్పించుకుంటుంది.

స్టేట్ కోర్టులో ఓడినవారు ఫెడరల్ జిల్లా కోర్టుకు పోయి ఆ తీర్పును కొట్టేయమనడం కుదరదు. రాష్ట్రంలోని పై కోర్టు దాకా వెళ్లి, ఆ తర్వాత 90 రోజుల్లో అమెరికా సుప్రీంకోర్టును విచారించమని కోరాలి. అదీ ఫెడరల్ ప్రశ్న ఉంటేనే, ఆ ప్రశ్నను కింది కోర్టుల్లోనే లేవనెత్తి ఉంటేనే. తీర్పు రాష్ట్ర చట్టం మీద సొంతంగా నిలబడగలిగితే సుప్రీంకోర్టు జోక్యం చేసుకోదు. స్టేట్ జైల్లో ఉన్న ఖైదీకి మాత్రం తన నిర్బంధం చెల్లదని ఫెడరల్ కోర్టులో సవాలు చేసే హెబియస్ కార్పస్ దారి ఉంది. ముందు రాష్ట్రంలోని మార్గాలన్నీ పూర్తిచేయాలి, శిక్ష ఖరారైన నాటి నుంచి మామూలుగా ఒక సంవత్సరం గడువు. రాష్ట్ర కోర్టులో అప్పీలు తర్వాత వేసిన పిటిషన్ పెండింగులో ఉన్న కాలాన్ని అందులోంచి మినహాయిస్తారు.

క్రిమినల్ కేసుల్లో ఎంపిక నిందితుడిది కాదు, ప్రాసిక్యూటర్లది. ఒకే పని రాష్ట్ర చట్టం కిందా, ఫెడరల్ చట్టం కిందా నేరమైతే ఇద్దరూ విడివిడిగా కేసు నడపవచ్చు. ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదన్న రాజ్యాంగ రక్షణ దీనికి అడ్డు రాదని 2019లో గాంబుల్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అందుకే స్టేట్ ప్రాసిక్యూటర్‌తో నేరం ఒప్పుకుని ఒప్పందం చేసుకునేముందు, అది ఫెడరల్ ప్రాసిక్యూటర్‌ను కూడా కట్టిపడేస్తుందా లేదా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మామూలుగా కట్టిపడేయదు.