పెద్ద పని మొదలుపెట్టే ముందు డిస్క్‌లో చోటు సంగతి చూసుకోండి

డేటాబేస్ మైగ్రేషన్, పాత బ్యాకప్ రీస్టోర్, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ లాంటివి పెట్టుకున్నప్పుడు లినక్స్‌లో చాలామంది డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్ ఒకసారి కొట్టి, "ఇంకా 40 జీబీ ఉంది, సరిపోతుందిలే" అనేసుకుంటారు. ఆ 40 ఎవరు వాడుకోవచ్చో, అది అయిపోయిన క్షణాన ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లని అమర్చే ఏర్పాటు) ఎలా ప్రవర్తిస్తుందో ఆ అంకెలో కనిపించదు. నిండాక చూసుకుందాం అనుకుంటే, కొన్ని ఫైల్ సిస్టమ్‌లలో ఫైల్ డిలీట్ చేయడానికి కూడా చోటు కావాలి.

లినక్స్‌లో ఎక్కువగా కనిపించే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4. ఇది ఫార్మాట్ చేసేటప్పుడే 5 శాతం బ్లాకుల్ని (డిస్క్‌లో చోటు ముక్కల్ని) రూట్ యూజర్, అంటే అడ్మిన్ కోసం పక్కన పెడుతుంది. 1 టీబీ డిస్క్‌లో అది దాదాపు 50 జీబీ. మామూలు యూజర్ ప్రోగ్రామ్‌లు ఆగిపోయినా అడ్మిన్ లాగిన్ అయి చక్కదిద్దుకోగలగాలన్నది ఉద్దేశం. కానీ లాగ్‌లు రాసే సర్వీస్ రూట్‌గా నడుస్తుంటే ఈ నిల్వను కూడా చడీచప్పుడు లేకుండా తినేస్తుంది. ఉట్టి డేటా డిస్క్ అయితే ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో 1 శాతానికి తగ్గించుకోవచ్చు. సిస్టమ్ ఉన్న పార్టిషన్ జోలికి మాత్రం వెళ్లకండి.

డీఎఫ్‌కి ఐ ఆప్షన్ తగిలించి ఐనోడ్‌లు కూడా చూడండి. ఒక్కో ఫైల్‌కి దాని వివరాలు దాచే ఐనోడ్ ఒకటి కావాలి. ఈఎక్స్‌టీ4లో మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ఫార్మాట్ అప్పుడే లెక్క ఖాయమైపోతుంది. సెషన్ ఫైళ్లు, క్యాష్ ముక్కలు లక్షల్లో పోగైతే జీబీలు మిగిలే ఉన్నా ఐనోడ్‌లు అయిపోతాయి. అప్పుడూ వచ్చేది డిస్క్ ఫుల్ ఎర్రరే కాబట్టి, తెలియనివాళ్లు పెద్ద ఫైళ్ల కోసం వెతుక్కుంటూ కూర్చుంటారు. ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ అవసరాన్ని బట్టి ఐనోడ్‌లు తయారు చేసుకుంటుంది కనుక అక్కడ ఈ బెడద తక్కువ.

30 జీబీ లాగ్ ఫైల్‌ని డిలీట్ చేశారు, డీఎఫ్‌లో అంకె కదల్లేదు. ఏదో ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుంది. డైరెక్టరీలోంచి పేరు పోయినా, ఆ ప్రాసెస్ వదిలేదాకా బ్లాకులు తిరిగి రావు. పేరే లేదు కాబట్టి, ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ కమాండ్ దాన్ని లెక్కపెట్టదు. డీఎఫ్ ఒకటి, డీయూ ఒకటి చెబుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. తెరిచి ఉన్న ఫైళ్లని చూపే ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌కి +ఎల్1 ఇస్తే ఇలాంటి ఫైళ్లు, పట్టుకున్న ప్రాసెస్‌లు బయటపడతాయి. నడుస్తున్న లాగ్‌ని డిలీట్ చేసే బదులు సున్నాకి ట్రంకేట్ చేయండి, అంటే ఫైల్‌ని ఉంచి లోపలిది ఖాళీ చేయండి. ప్రోగ్రామ్ దాన్ని అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ ఫైల్ చివరే రాసే పద్ధతిలో) తెరవకపోతే మాత్రం పాత ఆఫ్‌సెట్ దగ్గరే, అంటే ఫైల్‌లో ఇంతకుముందు ఆగిన చోటే రాయడం కొనసాగిస్తుంది. ఫైల్ సైజు మళ్లీ 30 జీబీగా కనిపిస్తుంది, కానీ ముందున్న భాగమంతా డిస్క్‌లో చోటు పట్టని ఖాళీయే. కంగారు పడక్కర్లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ల దగ్గర. ఇవి ఉన్న బ్లాక్ మీద తిరగరాయవు, కొత్త చోట రాసి పాతదాన్ని వదిలేస్తాయి. డిలీట్ చేసినా మెటాడేటా (ఫైళ్ల గురించిన వివరాలు) కొత్త చోటే రాయాలి. అందుకే జెడ్ఎఫ్ఎస్ తన పూల్‌లో (డిస్క్‌లన్నీ కలిపిన మొత్తం చోటులో) మామూలుగా ముప్పై రెండో వంతును ఇవ్వకుండా అట్టేపెడుతుంది, బీటీఆర్ఎఫ్ఎస్ కూడా కొంత గ్లోబల్ రిజర్వ్ ఉంచుకుంటుంది. ఇంతకన్నా మోసం చేసేది స్నాప్‌షాట్, అంటే ఒక క్షణాన డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచడం. మైగ్రేషన్‌కి ముందు స్నాప్‌షాట్ తీసుకోవడం మంచి అలవాటే. కానీ ఆ మైగ్రేషన్ టేబుళ్లన్నీ తిరగరాస్తే పాత బ్లాకులు స్నాప్‌షాట్‌లో ఉంటాయి, కొత్తవి పక్కన చేరతాయి. 200 జీబీ డేటాకి ఇంకో 200 కావాల్సి రావచ్చు. మధ్యలో చోటు చాలక ఫైళ్లు డిలీట్ చేసినా స్నాప్‌షాట్ వాటిని పట్టుకునే ఉంటుంది, ఒక్క జీబీ కూడా తిరిగి రాదు. కాబట్టి ఏ స్నాప్‌షాట్ తీసేయొచ్చో ముందే రాసిపెట్టుకోండి. బీటీఆర్ఎఫ్ఎస్‌లో డేటాకీ మెటాడేటాకీ చంక్‌లు (కేటాయించే పెద్ద చోటు ముక్కలు) వేరు. డేటా వైపు ఖాళీ ఉండి మెటాడేటా వైపు నిండినా పని ఆగుతుంది. దాని యూసేజ్ కమాండ్‌లో ఇంకా ఎవరికీ కేటాయించని చోటు ఎంతో చూసి, తక్కువుంటే చంక్‌లని సర్ది చోటు విడిపించే బ్యాలెన్స్ కమాండ్ నడపండి. బ్యాలెన్స్‌కీ చోటు కావాలి, అందుకే ముందే నడపమనేది.

వర్చువల్ మెషీన్ అయితే లోపలి డీఎఫ్‌ని నమ్మకండి. కింద థిన్ పూల్ (చోటుని రాసినప్పుడే కేటాయించే ఉమ్మడి నిల్వ) ఉంటే లోపల సగం ఖాళీగా కనిపిస్తున్నా పూల్ నిండిపోయి ఉండొచ్చు. లినక్స్‌లో డిస్క్ చోటుని పంచిపెట్టే ఎల్‌వీఎంలో థిన్ పూల్ నిండితే రాతల్ని మామూలుగా 60 సెకన్లు క్యూలో ఆపి, ఆపైన ఎర్రర్ ఇస్తుంది. లోపలి ఫైల్ సిస్టమ్‌కి అది చోటు చాలనట్టు కాదు, డిస్క్ పాడైనట్టు కనిపిస్తుంది. పూల్‌లో డేటా శాతం, మెటాడేటా శాతం రెండూ చూడండి.

అత్యవసరానికని 2 జీబీ డమ్మీ ఫైల్ ఒకటి ఉంచి, నిండినప్పుడు దాన్ని తీసేయడం పాత చిట్కా. ఈఎక్స్‌టీ4లో, ఫైల్‌కి చోటు ముందే కేటాయించే ఎఫ్‌అలొకేట్ కమాండ్‌తో హాయిగా పనిచేస్తుంది. జెడ్ఎఫ్ఎస్‌లో కంప్రెషన్ ఆన్‌లో ఉంటే సున్నాలతో నింపిన ఫైల్ దాదాపు ఏ చోటూ తీసుకోదు. అక్కడ ఖాళీ డేటాసెట్ (పూల్‌లో ఒక విభాగం) ఒకటి చేసి దానికి రిజర్వేషన్ పెట్టండి.

మీరు రాసే స్క్రిప్ట్‌లు కూడా ఓసారి చూసుకోండి. ఉన్న ఫైల్‌ని తెరిచి నేరుగా తిరగరాసే కోడ్ ముందు దాన్ని ఖాళీ చేస్తుంది, డిస్క్ నిండి ఉంటే తర్వాత రాయబోయి విఫలమవుతుంది. చేతిలో సున్నా బైట్ల కాన్ఫిగ్ మిగులుతుంది. పక్కన తాత్కాలిక ఫైల్‌లో రాసి, ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్‌కి చేరేలా చూసే కాల్) సక్సెస్ అయ్యాకే రీనేమ్ చేయాలి. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే ఎన్ఎఫ్ఎస్ మీద చోటు లేదన్న కబురు రైట్ దగ్గర కాకుండా క్లోజ్ దగ్గర రావచ్చు కనుక దాని రిటర్న్ కోడ్ కూడా చూడాలి.

డేటాబేస్‌ల పద్ధతులు వేరు. ఎస్‌క్యూలైట్‌లో వ్యాక్యూమ్‌కి (ఫైల్‌ని మళ్లీ రాసి ఖాళీలు తీసేసే పనికి) ఫైల్ సైజుకి రెట్టింపు దాకా ఖాళీ కావాలి. పోస్ట్‌గ్రెస్‌లో డబ్ల్యూఏఎల్ (మార్పుల్ని ముందుగా రాసుకునే లాగ్) డైరెక్టరీ ఉన్న డిస్క్ నిండితే సర్వర్ పానిక్ అయి ఆగిపోతుంది. డబ్ల్యూఏఎల్‌ని వేరేచోట దాచే ఆర్కైవ్ కమాండ్ ఫెయిల్ అవుతోందా, నకలు సర్వర్ కోసం డబ్ల్యూఏఎల్‌ని పట్టి ఉంచే రెప్లికేషన్ స్లాట్ ఎవరూ వాడకుండా మిగిలిందా అన్నవి పని మొదలుపెట్టే ముందే చూడండి, డబ్ల్యూఏఎల్ పోగయ్యేది ఎక్కువగా వీటివల్లే. నిండిపోయాక మాత్రం ఆ ఫైళ్లని చేత్తో డిలీట్ చేయకండి. డిస్క్‌ని పెంచండి, లేదా అదే డిస్క్‌లో వేరే ఏదైనా తీసి చోటు చేయండి. సర్వర్‌ని స్టార్ట్ చేస్తే రికవరీ తనే నడుపుకుంటుంది.