వక్తృత్వ పోటీ నిర్వహణ – నాలుగో పాఠం: గడియారం, నిర్ణయ పత్రం, ఓట్ల లెక్క

మొదట పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి జవాబు చూద్దాం. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి క్లబ్బులు తలా ఇద్దరు వక్తలను పంపుతున్నాయి, న్యాయనిర్ణేతలను ఎలా ఎంచుకుంటారని అడిగాను. క్లబ్బుకు ఒక్కరు చొప్పున ముగ్గురు, ఏ క్లబ్బుకూ చెందనివారు ఇద్దరు, మొత్తం అయిదుగురు. వీరు కాక ఇంకొకరు కావాలి. ఆ ఆరో మనిషి ఎవరో ప్రధాన న్యాయనిర్ణేతకు తప్ప మరెవరికీ తెలియకూడదు. ఆయన పని ఏమిటో ఓట్ల లెక్క దగ్గరికి వచ్చాక చెబుతాను.

ఇక ఈ పాఠం. తేదీ కుదిరింది. బ్రహ్మోత్సవాల రోజులు, గంగమ్మ జాతర వారం తప్పించే పెట్టుకున్నాం. హాలు దొరికింది, న్యాయనిర్ణేతలు ఒప్పుకున్నారు. మిగిలింది పోటీ నడిపే ఆ రెండు గంటలు. పోటీ బాగా జరిగిందా లేదా అన్నది గెలిచినవారిని అడిగితే తెలియదు, వారికి అంతా బాగానే ఉంటుంది. రెండో స్థానంలో నిలిచిన వక్తను అడగాలి. ఆ మనిషి 'నన్ను న్యాయంగానే చూశారు' అనుకుంటూ చిత్తూరు బస్సు ఎక్కితే మన పని సరిగా చేసినట్టు. ఈ పాఠంలోని ప్రతి నియమం ఆ రెండో మనిషి కోసమే.

ఇందులో నేను చెప్పే కొలతలు నా సొంతం కావు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన, ప్రసంగ సాధన చేయించే టోస్ట్‌మాస్టర్స్ సంస్థ పోటీల్లో నలిగి తేలిన పద్ధతులు. మీది ఆ సంస్థకు చెందిన క్లబ్బే అయితే ఆ ఏటి నిబంధనల పుస్తకమే మీకు ప్రమాణం. కాకపోయినా ఈ పద్ధతులను మన సాహిత్య సంఘాల పోటీలకూ, కాలేజీ పోటీలకూ ధైర్యంగా వాడుకోవచ్చు.

గడియారంతో మొదలుపెడతాను, ఎందుకంటే నేను ఘోరంగా తప్పు చేసింది అక్కడే. చాలా ఏళ్ల కిందట తిరుపతిలో ఒక కాలేజీ హాలులో మా మొదటి పోటీ జరిగింది. సమయం చూడటానికి ఒక్కరినే కూర్చోబెట్టాం. చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక విద్యార్థిని తన ఊరి చెరువు ఎండిపోవడం గురించి మాట్లాడింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. సమయం చూసే మనిషి కూడా ఆ మాటల్లో మునిగిపోయి, సమయం దగ్గర పడిందని చెప్పే పసుపు కార్డు ఎత్తడం మరిచాడు, సమయం అయిపోయిందని చెప్పే ఎర్ర కార్డు ఆలస్యంగా ఎత్తాడు. ఆమె 7 నిమిషాల 42 సెకన్లు మాట్లాడింది. 7 నిమిషాల 30 సెకన్ల గడువు దాటిందని మేము ఆమెను పోటీ నుంచి తొలగించాం. సంకేతం గానీ గడియారం గానీ విఫలమైతే వక్తకు మరో 30 సెకన్ల వెసులుబాటు ఇవ్వాలన్న నియమం ఉన్నదని అప్పటికి మాకు తెలియదు. తెలిసి ఉంటే ఆమె 8 నిమిషాల లోపే ముగించినట్టు లెక్క, పోటీలో ఉండేది. తప్పు మాది, శిక్ష ఆమెకు పడింది. ఆ తరువాత మా పోటీల్లో ఆ అమ్మాయి ఎప్పుడూ కనబడలేదు.

అందుకే ఇద్దరు టైమ్‌కీపర్లు ఉండాలి. ఒకరి చేతిలో స్టాప్‌వాచ్, ఒకరి చేతిలో కార్డులు. స్టాప్‌వాచ్ పట్టుకున్నవారు మోచేత్తో తాకి చెబుతారు, రెండోవారు కార్డు ఎత్తుతారు. ఇద్దరూ ప్రసంగం వినకూడదని చెప్పడం కష్టమే, కానీ ముందే గట్టిగా చెప్పాలి. ఫోనునే స్టాప్‌వాచ్‌గా వాడితే విమానం గుర్తు నొక్కి పెట్టండి, లేకపోతే ఆరో నిమిషంలో ఎవరో ఫోను చేస్తారు. కొందరు రంగు లైట్లు పెడతారు. మన దగ్గర కరెంటు పోయే సందర్భాలు ఉన్నాయి కాబట్టి నా ఓటు అట్ట కార్డులకే. వెడల్పు ఒక అడుగైనా ఉంటే వేదిక మీద నుంచి స్పష్టంగా కనబడతాయి. టైమ్‌కీపర్లు ముందు వరుస మధ్యలో కూర్చోవాలి. పోటీ మొదలు కాకముందే వక్తలందరినీ వేదిక ఎక్కించి కార్డులు కనబడుతున్నాయా అని ఒక్కొక్కరినీ అడగండి.

సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగానికి 5 నుంచి 7 నిమిషాలు. 5 నిమిషాలు కాగానే ఆకుపచ్చ, 6కు పసుపు, 7కు ఎరుపు. ఎర్ర కార్డు ప్రసంగం ముగిసేదాకా ఎత్తే ఉంచాలి. 4 నిమిషాల 30 సెకన్ల కంటే తక్కువ మాట్లాడినా, 7 నిమిషాల 30 సెకన్ల కంటే ఎక్కువ మాట్లాడినా పోటీలో లేనట్టే. ఎరుపు తరువాత గంట కొట్టడం, చేయి ఊపడం వంటివి చేయకూడదు. వక్త నోరు విప్పిన క్షణం నుంచి కాలం లెక్క. మాట కంటే ముందు ప్రేక్షకులకు నమస్కారం పెట్టడమో, ఏదైనా అభినయం చేయడమో జరిగితే అక్కడి నుంచే లెక్క. ఊరికే నడిచి వచ్చి మైకు సర్దుకోవడం లెక్కలోకి రాదు.

కాలం గురించి ఇంత పట్టింపు ఎందుకని కొత్తవారు అడుగుతారు. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1956 నుంచి 1962 వరకు లోక్‌సభ స్పీకరుగా పనిచేశారు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడాలి అన్నది ఆ కుర్చీలో కూర్చున్నవారే చూసుకోవాలి. ప్రధానమంత్రి మాట్లాడినా, కొత్తగా గెలిచి వచ్చిన సభ్యుడు మాట్లాడినా ఆ కుర్చీకి గడియారం ఒక్కటే. మన ఊరి మనిషి అంత పెద్ద సభలో చేసిన పనిని మనం నూరుమంది కూర్చునే హాలులో చేస్తున్నాం.

ఇప్పుడు వేదిక. వరుసక్రమం చీటీలు తీసి నిర్ణయించాలి, వక్తల కళ్ల ముందే తీయాలి. సంచాలకులు వక్తను పిలిచే పద్ధతి ఒక్కటే: పేరు, ప్రసంగం శీర్షిక, మళ్లీ శీర్షిక, మళ్లీ పేరు. అంతే. 'ఎన్నో బహుమతులు పొందిన', 'మన అందరికీ ఆప్తుడైన' వంటి విశేషణాలు ఒక్కటీ వద్దు. మన సభల అలవాటు ప్రకారం సంచాలకులకు ఇది చాలా కష్టం, పొగడకుండా ఎవరినీ పిలవలేరు. కానీ ఒక వక్తకు రెండు మంచి మాటలు చెప్పి మరొకరికి ఒక్కటే చెబితే అప్పుడే తక్కెడ ఒరిగిపోతుంది.

ప్రసంగం అయ్యాక ఒక నిమిషం పూర్తి నిశ్శబ్దం. న్యాయనిర్ణేతలు రాసుకునే నిమిషం అది. ఆ సమయంలో పాట పెట్టడం, జోకులు చెప్పడం, 'అద్భుతంగా మాట్లాడారు' అనడం నిషేధం. మొదటిసారి హాలు ఇబ్బందిగా కదులుతుంది, మూడో వక్త వచ్చేసరికి అలవాటు పడుతుంది. ఒక్కో వక్తకు ప్రసంగం, నిశ్శబ్దం, పిలుపు కలిపి 9 నిమిషాలు లెక్కవేసుకోండి. ఆరుగురికి 54 నిమిషాలు. ఆహ్వాన పత్రికలో సమయం వేసేటప్పుడు ఈ లెక్క చూసుకోండి. చిత్తూరు సుమారు 70 కిలోమీటర్ల దూరం, అక్కడినుంచి వచ్చినవారు రాత్రికి ఇల్లు చేరాలి.

శాలువాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముఖ్య అతిథి ప్రసంగం, సన్మానాలు పోటీకి ముందు పెట్టకండి. గంటన్నర ఉపన్యాసాలు విని అలసిన హాలును మొదటి వక్త చేతికి ఇవ్వడం అన్యాయం. ఓట్లు లెక్కపెట్టడానికి పదిహేను నిమిషాలు పడుతుంది, అతిథి మాటలు ఆ సమయంలో పెట్టుకోండి. వక్తలందరినీ ఒకరి తరువాత ఒకరిని వేదిక మీదికి పిలిచి వారి ఊరు, చదువు, ఇష్టాల గురించి రెండు ప్రశ్నలు అడిగి ప్రశంసాపత్రం ఇవ్వడం కూడా ఆ వ్యవధిలోనే పూర్తవుతుంది.

న్యాయనిర్ణేతల చేతిలోని పత్రంలో 100 మార్కులు ఉంటాయి. విషయానికి 50, చెప్పే తీరుకు 30, భాషకు 20. ఈ పంపకం నాకు నచ్చుతుంది, ఎందుకంటే మన దగ్గర గొంతుకు ముగ్ధులైపోయే జబ్బు ఉంది. గంభీరమైన కంఠంతో పద్యం అందుకుంటే చాలు, అందులో విషయం ఏమిటని ఎవరూ అడగరు. సగం మార్కులు విషయానివని గుర్తుచేయడానికి పోటీకి ముందు అరగంట న్యాయనిర్ణేతలతో విడిగా కూర్చోండి. ఆ సమావేశంలో మన ప్రాంతానికి తప్పనిసరైన మాట ఒకటి ఉంది. కుప్పం నుంచి, సత్యవేడు నుంచి వచ్చేవారి తెలుగులో తమిళపు ఒరవడి వినబడుతుంది. అది తప్పు కాదు. భాషకు ఇచ్చే 20 మార్కులు సందర్భానికి తగిన మాట ఎంచుకోవడానికి, వాక్యం సరిగా కుదరడానికి. పుట్టిన ఊరి పలుకుబడికి ఒక్క మార్కు కూడా కోయకూడదు. ఈ మాట నేను ప్రతి పోటీలోనూ పలికాను, ఇక మీదటా పలుకుతాను. కాలం సంగతి కూడా వారు పట్టించుకోకూడదు, దాని కోసం టైమ్‌కీపర్లు ఉన్నారు.

ఇప్పుడు ఓట్ల లెక్క. చాలా పోటీల్లో న్యాయనిర్ణేతల మార్కులన్నీ కూడి, ఎక్కువ వచ్చినవారికి మొదటి బహుమతి ఇస్తారు. ఇది తప్పుడు పద్ధతి. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఉన్నారనుకోండి. మొదటివారు రాముకు 95, సీతకు 60 ఇచ్చారు. మిగిలిన ఇద్దరూ సీతకు 72, రాముకు 70 ఇచ్చారు. కూడితే రాముకు 235, సీతకు 204. ముగ్గురిలో ఇద్దరు సీతే మేలన్నారు, అయినా బహుమతి రాముకు పోతుంది. మార్కులు విచ్చలవిడిగా వేసే ఒక్క మనిషి, ఆచితూచి వేసే ఇద్దరి మాటను తొక్కేశాడు.

అందుకని మార్కులు న్యాయనిర్ణేత సొంత లెక్కకే. వారు మనకు ఇవ్వవలసింది కింది చీటీ ఒక్కటే: మొదటి, రెండో, మూడో స్థానాల్లో ఎవరు. మొదటి స్థానానికి 3, రెండో స్థానానికి 2, మూడో స్థానానికి 1 పాయింటు. ఒక ఉదాహరణ చేసి చూద్దాం. ఆరుగురు వక్తలు, అయిదుగురు న్యాయనిర్ణేతలు. చీటీల్లో మొదటి, రెండో, మూడో స్థానాలకు రాసిన వక్తల నంబర్లు వరుసగా ఇలా వచ్చాయి. మొదటివారు: 4, 2, 6. రెండోవారు: 2, 4, 1. మూడోవారు: 4, 6, 2. నాలుగోవారు: 2, 4, 5. అయిదోవారు: 6, 2, 4.

నాలుగో నంబరు వక్తకు 3, 2, 3, 2, 1 కలిపి 11. రెండో నంబరుకు 2, 3, 1, 3, 2 కలిపి 11. ఆరో నంబరుకు 1, 2, 3 కలిపి 6. ఒకటో నంబరుకు 1, అయిదో నంబరుకు 1. ప్రకటించే ముందు అన్నిటినీ కూడండి: 11, 11, 6, 1, 1 కలిపి 30. ఒక్కో చీటీలో 6 పాయింట్లు, అయిదు చీటీలకు 30. ఈ మొత్తం కుదరకపోతే ఎక్కడో తప్పు చేశారు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. లెక్కించేవారు ఇద్దరు ఉండాలి, ఇద్దరూ వేరువేరు కాగితాల మీద వేసి చూసుకోవాలి.

ఇక్కడ రెండుకూ నాలుగుకూ సమానంగా వచ్చాయి. ఇప్పుడు ఆ ఆరో మనిషి చీటీ విప్పుతాం. ఆయన ముగ్గురిని కాదు, వక్తలందరినీ వరుసగా పేర్చి రాస్తారు. ఆయన వరుసలో రెండో నంబరు నాలుగో నంబరుకు పైన ఉంటే మొదటి బహుమతి రెండుకు, రెండో బహుమతి నాలుగుకు, మూడోది ఆరుకు. సమానం రాకపోతే ఆయన చీటీ తెరవకుండానే మిగిలిన చీటీలతో కలిపి చింపేయాలి. ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో బయటకు చెప్పకూడదు. తల్లిదండ్రులు అడుగుతారు, బతిమాలుతారు కూడా. మర్యాదగా కాదనండి. ప్రసంగం ఎలా మెరుగుపరచుకోవాలో చెప్పమని న్యాయనిర్ణేతలను తరువాత విడిగా కలవవచ్చు.

ప్రసంగం సొంతది కాదనో, పాల్గొనే అర్హత లేదనో అభ్యంతరం ఉంటే ఫలితం ప్రకటించకముందే చెప్పాలి. చెప్పే హక్కు వక్తలకు, న్యాయనిర్ణేతలకు మాత్రమే. ప్రకటించాక ఇక మార్పు లేదు. ప్రకటనలో ముందుగా కాలం దాటినవారు ఉన్నారా లేరా అన్నది చెప్పండి, పేరు చెప్పకండి. తరువాత మూడో బహుమతి, రెండోది, చివర మొదటిది.

ఆశు ప్రసంగం పోటీ గురించి క్లుప్తంగా చెబుతాను. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది రకాలుగా అడుగుతారు, ఎందుకంటే అక్కడ పరీక్ష ఒక్క అవధానికే. ఇక్కడ అయిదారుగురిని పోల్చాలి కాబట్టి అందరికీ ఒకే ప్రశ్న. మొదటి వక్త తప్ప మిగిలినవారు బయటి గదిలో ఉండాలి, తోడుగా ఒక మనిషి ఉండాలి, ఫోన్లు ముందే తీసుకోవాలి. 1 నుంచి 2 నిమిషాలు మాట్లాడాలి. నిమిషం కంటే తగ్గినా, రెండున్నర నిమిషాలు దాటినా లెక్కలోకి రాదు. ప్రశ్న ఎవరికైనా అందేదిగా ఉండాలి. 'మీ ఇంట్లో ఎవరూ పారేయడానికి ఒప్పుకోని పాత వస్తువు ఏమిటి?' అన్న ప్రశ్న మా పోటీలో ఒకసారి చాలా బాగా పండింది.

ఈ వారం అభ్యాసం. ఏడుగురు వక్తలు, అయిదుగురు న్యాయనిర్ణేతలు. చీటీలు: 3, 5, 7. రెండోది 5, 1, 3. మూడోది 3, 7, 5. నాలుగోది 1, 3, 5. అయిదోది 5, 3, 7. టైమ్‌కీపర్ల కాగితంలో రెండు గమనికలు ఉన్నాయి. ఆరో నంబరు వక్త 4 నిమిషాల 28 సెకన్లు మాట్లాడారు. మూడో నంబరు వక్త 7 నిమిషాల 41 సెకన్లు మాట్లాడారు, అయితే ఎర్ర కార్డు చేయి జారి కింద పడటంతో ఆలస్యంగా ఎత్తారు. పోటీలో మిగిలేది ఎవరు, మూడు బహుమతులు ఎవరికి, మీ మొత్తం 30కి కుదిరిందా? కాగితం మీద వేసి ఉంచండి. జవాబు అయిదో పాఠంలో చూద్దాం, ఆ తరువాత ఖర్చుల లెక్క మొదలుపెడదాం.