అనుమతి ఎప్పుడు అక్కరలేదు: సంచికలు, సభలు, పాఠాలు సిద్ధం చేసేవారికి కాపీరైట్ సంగతులు

సెప్టెంబర్ 9న జరిగే తెలంగాణ భాషా దినోత్సవం దగ్గరపడుతున్నదంటే వరంగల్, హనుమకొండ బడుల్లోనూ కళాశాలల్లోనూ కాళోజీ కవితల కోసం వెతుకులాట మొదలవుతుంది. వేదికపై చదివించాలని ఒకరు, సంచికలో అచ్చు వేయాలని ఒకరు, ఫ్లెక్సీ మీదికి ఎక్కించాలని మరొకరు అనుకుంటారు. కింద కవి పేరు వేస్తే చాలదా అన్న మాట అక్కడ తప్పక వినిపిస్తుంది. చాలదు. పేరు వేయడం మర్యాద, కొన్ని సందర్భాల్లో చట్టం కోరే షరతు కూడా, కానీ అది అనుమతికి బదులు కాదు. ఆ రచనపై కాపీరైట్ ఇంకా ఉన్నదా, ఉంటే మీరు చేయబోయే పని కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ మినహాయించిన పనుల్లో ఒకటా, అయితే ఆ పనికి కావలసినంత మేరకే తీసుకుంటున్నారా అన్న మూడు సంగతులను ఇదే వరుసలో చూసుకోవాలి.

మొదటిది లెక్కతో తేలుతుంది. సాహిత్య రచనపై హక్కు రచయిత జీవితకాలంతో పాటు, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్లు ఉంటుంది. కాళోజీ 2002 నవంబర్‌లో కన్నుమూశారు కనుక ఆయన జీవితకాలంలో అచ్చయిన కవితలపై హక్కు 2062 డిసెంబర్ 31 వరకు ఉంటుంది. దాశరథి కృష్ణమాచార్య 1987లో పోయారు కనుక ఆయన కవితలకు ఆ గడువు 2047 చివరి వరకు. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు మాత్రం 2014 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. బమ్మెర పోతన పద్యాల సంగతి చెప్పనక్కరలేదు. అయితే పోతన పద్యానికి ఈ కాలపు పండితుడు రాసిన తాత్పర్యం ఆ పండితుడిదే. పద్యాన్ని స్వేచ్ఛగా ఎత్తుకోవచ్చు, తాత్పర్యాన్ని అలా ఎత్తుకోలేము. చాలామంది తడబడేది ఇక్కడే.

బతుకమ్మ పాటల విషయంలోనూ చిక్కు ఇలాంటిదే. తరతరాలుగా నోటినోట వచ్చిన పాటను మీ వాడకట్టు ఆడవాళ్లు పాడుతుంటే రికార్డు చేసి పెట్టుకోవడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు, పాడినవారి సమ్మతి ఉంటే చాలు. అదే పాటను ఒక సంస్థ సంగీతం కూర్చి విడుదల చేసి ఉంటే, ఆ రికార్డింగుపై విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల హక్కు ఆ సంస్థకు ఉంటుంది, కొత్తగా కట్టిన చరణాలు వాటిని రాసినవారివి. ముప్పై సెకన్ల లోపు వాడుకుంటే తప్పు లేదన్న నమ్మకానికి మన చట్టంలో ఆధారం లేదు. పది శాతం, నాలుగు పాదాలు వంటి కొలతలు కూడా అందులో లేవు.

హక్కు ఉన్నదని తేలిన తర్వాత 52వ సెక్షన్ దగ్గరకు రావాలి. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు లేదా సమీక్షకు, వర్తమాన విషయాల నివేదనకు సముచితమైన మేరకు వాడుకోవడాన్ని అది అనుమతిస్తుంది. సముచితం అంటే ఎంత అన్న ప్రశ్నకు 1996లో కేరళ హైకోర్టు ఒక నాటకం కేసులో చూసిన అంశాలు ఇప్పటికీ ఉపయోగపడతాయి. తీసుకున్న భాగం ఎంత, దాని విలువ ఎంత, ఏ ఉద్దేశంతో తీసుకున్నారు, మూల రచనకు అది పోటీ అవుతుందా అన్నవే ఆ అంశాలు. కాళోజీ యాసపై వ్యాసం రాస్తూ మీ మాటను నిలబెట్టడానికి ఆరు పాదాలు ఉదహరిస్తే అది విమర్శ. వ్యాఖ్య ఏమీ లేకుండా కవిత మొత్తాన్ని బొమ్మతో సహా ఒక పుట నిండా వేస్తే అది పునర్ముద్రణే. ఒక సంచికకు సంపాదకుడిగా ఉన్నప్పుడు నేనూ ఆ రెండో పనే చేసి దాన్ని నివాళి అనుకున్నాను. నివాళి అన్న పేరుతో మినహాయింపు చట్టంలో లేదు.

బోధనకు ఉన్న వెసులుబాటు ఇంతకంటే విశాలం. పాఠం చెప్పే క్రమంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ప్రతి తీసుకోవచ్చు, ప్రశ్నపత్రంలో కవితా భాగం ఇవ్వవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఒక జిరాక్స్ దుకాణంపై విదేశీ ప్రచురణ సంస్థలు వేసిన కేసులో, పాఠ్యాంశాల ప్రకారం వేర్వేరు పుస్తకాల భాగాలతో కూర్చిన ప్రతులను 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపు వెలుగులోనే చూసింది. బోధనకు ఎంత అవసరమో అంత అన్నదే ధర్మాసనం పెట్టిన కొలమానం. కాకతీయ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల చదువుకునేవారికి ఈ తీర్పు ధైర్యమిస్తుంది గానీ, పోటీ పరీక్షల గైడును అట్టతో సహా జిరాక్స్ తీసి, బైండు చేసి అమ్మేవారికి ఇది రక్షణ కాదు.

వేదిక విషయానికి వస్తే, అచ్చయిన రచనలోని తగినంత భాగాన్ని బహిరంగంగా చదవవచ్చు. విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రులు మాత్రమే చూసే సభలో పిల్లలు రచనను పూర్తిగా ప్రదర్శించడానికి వేరే మినహాయింపు ఉంది. ఆ సభను యూట్యూబ్‌లో ప్రసారం చేస్తే ప్రేక్షకుల పరిమితి పోతుంది. పెళ్లికీ బరాత్‌కూ పాటలు పెట్టుకోవడాన్ని కూడా చట్టం మినహాయించింది, అయితే అదే పాటను పెళ్లి వీడియోకు జోడించి అందరికీ పెట్టడం వేరే సంగతి.

వరంగల్ కోట తోరణాన్ని మీరే ఫొటో తీసుకుంటే కాపీరైట్ అడ్డు రాదు. చౌరస్తాలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాన్ని ఫొటో తీసి ప్రచురించడాన్నీ చట్టం ఒప్పుకుంటుంది. నెట్‌లో దొరికిన తోరణం ఫొటో మాత్రం తీసినవారిది.

ఈ వడపోతల్లో మీ పని ఎక్కడా ఇమడకపోతే అడగాల్సిందే. పుస్తకం పేరుపుట వెనుక హక్కులు ఎవరివో రాసి ఉంటుంది. సాధారణంగా కుటుంబం లేదా ప్రచురణకర్త. ఏ కవిత, ఎన్ని పాదాలు, ఎన్ని ప్రతులు, అమ్మకానికా ఉచితంగానా, నెట్‌లో కూడా పెడతారా అన్నవన్నీ లేఖలో చెప్పి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. జవాబు రాకపోవడాన్ని సమ్మతిగా లెక్కించకూడదు. అచ్చుకు గడువు ముంచుకొస్తే ఆ పుటలో కవితకు బదులు, దానిపై మీ విద్యార్థి రాసిన సమీక్షను, అందులో నాలుగైదు పాదాలతో, కవి పేరుతో, పుస్తకం పేరుతో వేయండి.