ప్యాకేజీ తీసేసినా డిస్కులో చోటు రాకపోతే

ఈ చిట్కాలు ఉబుంటు, డెబియన్ లినక్స్ వాడేవాళ్ళకి. వీటిలో ప్రోగ్రాములు ప్యాకేజీలుగా వస్తాయి, వాటిని వేసేదీ తీసేదీ ఆప్ట్ అనే టూల్. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాసినా టెర్మినల్‌లో కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లోనే.

సమస్య: గింప్ (ఫొటోలు సవరించే ప్రోగ్రాం) తీసేశారు, చోటు మాత్రం పెద్దగా పెరగలేదు.

కారణం: "ఆప్ట్ రిమూవ్" మీరు చెప్పిన పేరునే తీస్తుంది. దాని వెంట దిగిన లైబ్రరీలు, డేటా ప్యాకేజీలు కదలవు.

పరిష్కారం: అలా మిగిలి ఎవరికీ అక్కర్లేనివాటిని తీసేది ఆటోరిమూవ్. ముందు "ఆప్ట్ ఆటోరిమూవ్ --సిమ్యులేట్" కొట్టండి. ఇది ఏదీ తీయదు, ఏవేవి పోతాయో చూపిస్తుంది. ఆ జాబితా చదవకుండా వై నొక్కడమే అసలు తప్పు. అరండల్‌పేటలో డీటీపీ షాపు సిస్టం అనుకోండి. జాబితాలో ఫాంట్స్-లోహిత్-తెలు (తెలుగు ఫాంటు), ఐబస్-ఎం17ఎన్ (టైపింగ్ ప్యాకేజీ) ఉన్నాయా చూడాలి. ఉన్న ఒక్క తెలుగు ఫాంటూ పోతే రేపు శుభలేఖ తెరిచినప్పుడు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. ఐబస్-ఎం17ఎన్ మీద ఆధారపడ్డ తెలుగు టైపింగూ ఆగిపోతుంది. ఉంచాల్సినవాటికి "సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్" కొట్టి పక్కన పేరు ఇవ్వండి. తర్వాతే "సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్".

సమస్య: అక్కర్లేనివి కళ్ళెదుటే ఉన్నా ఆటోరిమూవ్ 0 చూపిస్తోంది.

కారణం రెండు రకాలు. ఎక్కడో దొరికిన ఇరవై పేర్ల ఇన్‌స్టాల్ లైన్ కాపీ చేసి కొడితే ఆ ఇరవైకీ మాన్యువల్ ముద్ర పడుతుంది. మీరే కోరి వేసుకున్నారని ఆప్ట్ వాటి జోలికి పోదు. లేదా ఇంకో ప్యాకేజీ దాన్ని రికమెండ్ చేస్తోంది. సజెస్ట్ చేసినా చాలు, ఆటోరిమూవ్ వదిలేస్తుంది.

పరిష్కారం: "ఆప్ట్-మార్క్ షోమాన్యువల్" జాబితాలో వెతకండి. ఏ ప్యాకేజీ దాన్ని పట్టుకుందో "ఆప్ట్-క్యాష్ ఆర్‌డిపెండ్స్ --ఇన్‌స్టాల్డ్" పక్కన పేరు ఇస్తే చెబుతుంది. అక్కర్లేదని తేలితే "సుడో ఆప్ట్-మార్క్ ఆటో" కొట్టి పక్కన పేరు ఇచ్చి మళ్ళీ ఆటోరిమూవ్.

సమస్య: /బూట్ నిండిపోయి అప్‌డేట్ ఆగిపోయింది.

పాత కెర్నళ్ళు (సిస్టం గుండెకాయ లాంటి ప్రోగ్రాం పాత వెర్షన్లు) పేరుకున్నాయి. "యూనేమ్ -ఆర్" ఇప్పుడు నడుస్తున్నదేదో చెబుతుంది, దాన్ని ముట్టుకోవద్దు. మిగతావి ఆటోరిమూవ్‌తోనే పోవాలి. /బూట్‌లో ఫైళ్ళు చేత్తో చెరిపేస్తే ప్యాకేజీ ఇంకా ఉందనే డీపీకేజీ (ఆప్ట్ కింద పనిచేసే టూల్) లెక్క, తర్వాత గొడవ.

సమస్య: తీస్తుండగా కరెంటు పోయింది. బెజవాడ మే నెలలో, యూపీఎస్ లేని ఇంట్లో ఇది మామూలే.

"సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", దాని తర్వాత "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్". లాక్ (ఒకేసారి రెండు పనులు జరక్కుండా పెట్టే అడ్డు) దొరకలేదంటే వెనక ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుండొచ్చు, కాసేపు ఆగండి. లాక్ ఫైల్ చెరపమనే సలహా వినొద్దు.

సమస్య: "డీపీకేజీ -ఎల్" లో కొన్ని వరుసల ముందు ఆర్‌సీ అని ఉంది.

ప్యాకేజీ పోయింది, /ఈటీసీలో సెట్టింగులు మిగిలాయి. "సుడో ఆప్ట్ పర్జ్ '?కాన్ఫిగ్-ఫైల్స్'" వాటిని ఊడ్చేస్తుంది. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను పర్జ్ కూడా ముట్టదు, అవి మీరే చూసి తీయాలి. దిగిన డెబ్ ఫైళ్ళకు "సుడో ఆప్ట్ క్లీన్" చాలు.

పొరపాటున పనికొచ్చేదే పోయిందా? /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్ తెరవండి. ఏ తేదీన ఏ కమాండ్‌తో ఏవి పోయాయో పేర్లతో సహా ఉంటుంది, చూసి తిరిగి వేసుకోండి.