పాత తేలికపాటి విమానం మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ఉద్యోగ జీవితమంతా విమానాల మరమ్మతు పనిలో గడిపి కావలికి తిరిగి వచ్చిన తరువాత, ఇక మాగ్నెటోల (ఇంజిను ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే పరికరాల) మాట వినవలసిన అవసరం ఉండదనుకున్నాను. హ్యూస్టన్ దగ్గర స్థిరపడిన మా మేనల్లుడు 1974 నాటి సెస్నా 172ఎం అనే చిన్న విమానం ఒకటి కొనుక్కోవడంతో ఆ అంచనా తప్పింది. అక్కడ శనివారం తెల్లవారేసరికి, ఇక్కడ సాయంత్రం కాఫీ వేళకు, నా ఫోను మోగుతుంది. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఎయిర్‌స్ట్రిప్ ఉన్నప్పటికీ మన వైపు సొంత విమానం గలవారు కనబడరు గానీ, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి అమెరికా వెళ్ళి పాత సెస్నాలు కొనుక్కున్న మరికొందరు కూడా మా వాడి ద్వారా ఇవే ప్రశ్నలు పంపుతున్నారు. వారందరికీ విడివిడిగా చెప్పిన సంగతులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

సెస్నా 172 ఉత్పత్తి 1956లో మొదలై 1986లో ఆగిపోయి, 1996లో తిరిగి ప్రారంభమైంది. కాబట్టి 'పాతది' అంటే కనీసం 40 ఏళ్ళు వాడిన యంత్రమని అర్థం. 1967 వరకు వచ్చిన నమూనాలలో కాంటినెంటల్ వారి ఆరు సిలిండర్ల ఇంజిను, 1968 నుంచి లైకమింగ్ వారి నాలుగు సిలిండర్ల ఓ-320 ఇంజిను ఉంటాయి. ఇక్కడి అంకెలు లైకమింగ్ ఇంజిను గల 172ఎం, 172ఎన్ నమూనాలకు చెందినవి. మీ విమానపు హ్యాండ్‌బుక్‌లో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి. ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయడం, టైరు మార్చడం, బ్యాటరీ సంరక్షణ వంటి పనులను పైలట్ లైసెన్సు గల యజమాని స్వయంగా చేసుకోవడానికి అమెరికా నియమాలు అనుమతిస్తాయి. అంతకు మించిన పని లైసెన్సు గల మెకానిక్ చేతుల మీదుగానే జరగాలి. అయితే కారణం కనిపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఖర్చులో సగం మిగిలేది కూడా అక్కడే.

పానా పట్టుకునే ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోవాలి. లోపం ఇంజిను చల్లగా ఉన్నప్పుడు కనబడుతోందా, వేడెక్కిన తరువాతా? ఒక్కసారిగా వచ్చిందా, వారాల తరబడి పెరిగిందా? చివరిసారి ఎవరు, ఎక్కడ చేయి పెట్టారు? మూడవ ప్రశ్నకు దొరికిన జవాబే చాలాసార్లు లోపం ఉన్న చోటుకు దారి చూపడం నా అనుభవం.

స్టార్టరు 'టక్' మని ఊరుకుంటుంది

అందరూ ముందు బ్యాటరీని మారుస్తారు. ఒక రోజు బాగా పని చేసి, రెండవ వారం మళ్ళీ అదే 'టక్' వినబడుతుంది. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, మోటారు విప్పకముందే తీగల కొసలకు పట్టిన చిలుము గీకుతానని చెబుతాడు. సముద్రపు గాలి తగిలే విమానానికి కూడా అదే వర్తిస్తుంది.

ముందుగా మాగ్నెటో స్విచ్ ఆఫ్‌లో, మిక్స్చర్ నాబ్ (గాలిలో కలిసే పెట్రోలు పాళ్ళను మార్చేది) పూర్తిగా బయటికి లాగి ఉన్నాయని చూసుకుని, ప్రొపెల్లరు దగ్గర ఎవరూ లేకుండా చేయాలి. తరువాత వోల్ట్ మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, మరొక కొసను ఇంజిను లోహం మీద ఉంచి, స్టార్టరును క్షణకాలం తిప్పించాలి. మీటరు సున్నాకు దగ్గరగా ఉంటే ఎర్త్ మార్గం బాగున్నట్లు. అర వోల్టు దాటితే ఇంజినును విమాన శరీరానికి కలిపే అల్లిక తీగ గానీ, దాని బోల్టు కింది పెయింటు, చిలుము గానీ కారణం. విప్పి, లోహం మెరిసేలా రుద్ది, తిరిగి బిగిస్తే సరిపోతుంది. పాజిటివ్ వైపు, స్టార్టరుకు కరెంటు పంపే స్విచ్ అయిన కాంటాక్టరును కూడా ఇదే విధంగా పరీక్షించవచ్చు. స్టార్టరు గిర్రున తిరుగుతున్నా ప్రొపెల్లరు కదలకపోతే లోపం విద్యుత్తులో లేదు. స్టార్టరును ఇంజినుతో కలిపే బెండిక్స్ పళ్ళ చక్రం మురికిపట్టి ముందుకు జరగడం లేదు. దానిని శుభ్రం చేసి ఆరనివ్వాలి. జిడ్డు నూనె పూస్తే దుమ్ము పట్టి మళ్ళీ బిగుసుకుంటుంది.

రన్-అప్‌లో ఒక మాగ్నెటో మీద ఆర్‌పీఎం ఎక్కువగా పడిపోతుంది

ప్రతి సిలిండరుకు రెండు ప్లగ్గులు ఉంటాయి; ఒకదానిని ఒక మాగ్నెటో, రెండవదానిని రెండవ మాగ్నెటో మండిస్తాయి. ఎగిరేముందు నేల మీద చేసే ఇంజిను పరీక్ష అయిన రన్-అప్‌లో, 1,700 ఆర్‌పీఎం వద్ద ఒక మాగ్నెటోను ఆపినప్పుడు తగ్గుదల 125 దాటకూడదు, రెండింటి తగ్గుదలల మధ్య తేడా 50 దాటకూడదు.

ఎంత పడింది అన్నదానికంటే ఎలా పడింది అన్నది ముఖ్యం. ఇంజిను కుదుపుతో, తడబాటుతో పడితే ఒక ప్లగ్గు గానీ దాని తీగ గానీ మండించడం లేదు. కుదుపు లేకుండా, నున్నగా, కానీ ఎక్కువగా పడితే ప్లగ్గులను అనుమానించడం వృథా. మాగ్నెటో టైమింగ్ వెనుకబడి ఉండవచ్చు. ఈ ఒక్క తేడా తెలియక ఎనిమిది ప్లగ్గులూ కొత్తవి వేయించుకున్నవారు ఉన్నారు.

కుదుపు ఉన్నప్పుడు మొదటి అనుమానం సీసం మీదే. 100ఎల్‌ఎల్ ఏవ్‌గ్యాస్ (విమానపు పెట్రోలు) పేరులో 'తక్కువ సీసం' అని ఉన్నా, లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఉండవచ్చు. మిక్స్చర్‌ను పూర్తిగా లోపలికి నెట్టి నిదానంగా టాక్సీ చేస్తే ఆ సీసం ప్లగ్గు కొన దగ్గర బూడిద రంగు పూసలుగా గడ్డకడుతుంది. ఇంజినును రెండు మాగ్నెటోల మీద 1,800 నుంచి 2,000 ఆర్‌పీఎం వద్ద ఉంచి, మిక్స్చర్‌ను మెల్లగా వెనక్కి లాగి, ఆర్‌పీఎం అత్యధికంగా ఉన్న చోట ఒక నిమిషం పాటు ఉంచితే ఆ పూసలు చాలావరకు కాలిపోతాయి. మిక్స్చర్‌ను తిరిగి లోపలికి నెట్టి మళ్ళీ పరీక్షించాలి. రెండు ప్రయత్నాలతో తగ్గకపోతే ఆ రోజుకు ఎగరడం మానుకోవాలి.

అప్పుడు ఏ సిలిండరో పట్టుకోవడం సులువు. లోపమున్న మాగ్నెటో మీద ఇంజినును ఒక నిమిషం నడిపి ఆపి, నాలుగు ఎగ్జాస్ట్ గొట్టాలకు వరుసగా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చూపించాలి. మిగతావాటికంటే చల్లగా ఉన్నది దోషి. ఆ సిలిండరులో ఆ మాగ్నెటోకు చెందిన ప్లగ్గును మరొక సిలిండరు ప్లగ్గుతో మార్చి మళ్ళీ నడిపితే, లోపం ప్లగ్గుతో పాటు కదిలిందా, ఉన్నచోటే ఉందా తెలుస్తుంది. కదిలితే ప్లగ్గు, కదలకపోతే తీగ లేదా మాగ్నెటో. ప్లగ్గులోని నిరోధం 5,000 ఓములు దాటితే, అది పైకి ఎంత శుభ్రంగా కనిపించినా పారవేయాలి. కిందపడిన ప్లగ్గును కూడా అంతే. లోపలి పింగాణీలో పగులు కంటికి కనబడదు.

ఇక తగ్గుదల అసలే లేకపోతే సంతోషించే కొత్తవారు ఉంటారు. అది అన్నింటికంటే ప్రమాదకరమైన లక్షణం. స్విచ్ ఆఫ్ చేసినా ఆ మాగ్నెటో ఆగడం లేదని, అంటే దానిని ఎర్త్ చేసే తీగ తెగిపోయిందని దాని అర్థం కావచ్చు. అలాంటి విమానపు ప్రొపెల్లరును చేత్తో కదిలిస్తే ఇంజిను అందుకోవచ్చు. ప్రొపెల్లరు మీద హెచ్చరిక కాగితం కట్టి, తీగను బాగు చేయించే వరకు ఎవరినీ దగ్గరికి రానివ్వకూడదు.

గాలిలో ఇంజిను బలం మెల్లగా తగ్గిపోతుంది

థ్రాటిల్ కదపకుండానే ఆర్‌పీఎం కొంచెం కొంచెంగా దిగుతూ, ఆ తరువాత కుదుపు మొదలైతే కార్బురేటరులో మంచు పడుతున్నట్లు భావించాలి. మన ఎండలలో మంచు ఏమిటని మా మేనల్లుడు నవ్వాడు. మట్టికుండ చెమర్చి నీళ్ళను చల్లబరచే సూత్రమే ఇక్కడ మరింత తీవ్రంగా పని చేస్తుంది: ఇరుకు గొంతులో పెట్రోలు ఆవిరైనప్పుడు, గాలి పీడనం పడిపోయినప్పుడు ఉష్ణోగ్రత బాగా దిగుతుంది. గాలిలో తేమ తగినంత ఉంటే బయట 38 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు కూడా ఇది సాధ్యమే.

వెంటనే కార్బురేటరులోకి వేడి గాలి పంపే నాబ్‌ను (కార్బురేటర్ హీట్) పూర్తిగా లాగాలి. కరిగిన నీరు ఇంజినులోకి పోవడం వల్ల ఆర్‌పీఎం మరింత పడి, కుదుపు పెరుగుతుంది. భయపడి దానిని వెనక్కి నెట్టడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. కొద్దిసేపట్లో ఆర్‌పీఎం మొదటి స్థాయికంటే పైకి లేస్తుంది. నేల మీద ఆ నాబ్ లాగినప్పుడు ఆర్‌పీఎం ఏమాత్రం తగ్గకపోతే కేబుల్ గానీ లోపలి తలుపు గానీ పని చేయడం లేదు. అది బాగయ్యే వరకు విమానం కదలకూడదు.

కుదుపు అకస్మాత్తుగా, తెరలు తెరలుగా వస్తే అది మంచు కాదు, ఇంధనంలో నీరు. బయట వానలో నిలిపిన పాత సెస్నాలో ట్యాంకు మూత కింది రబ్బరు రింగు ఎండి పగిలితే నీరు లోపలికి దిగుతుంది. ప్రతి ప్రయాణానికి ముందు, ఇంధనం నింపించిన తరువాత కొంతసేపు ఆగి, రెండు రెక్కల డ్రెయిన్ల నుంచి, ఇంజిను దగ్గరి స్ట్రెయినరు నుంచి గాజు కప్పులోకి తీసి చూడాలి. అడుగున బుడగలా నిలిచింది నీరే. కప్పు నిండా నీరే వస్తే గీత కనబడక అంతా స్వచ్ఛంగా తోస్తుంది కాబట్టి తెల్లని కాగితం ముందు పట్టుకుని ఏవ్‌గ్యాస్‌కు ఉండే నీలం రంగు ఉందో లేదో, వాసన ఏమిటో చూడాలి. మూత రింగును మార్చకుండా రోజూ నీళ్ళు వంచుకుంటూ కూర్చునేవారిని చూశాను, ఆ పొదుపు నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

పొద్దున్న మొదటి నిమిషం మాత్రమే గరగరలాడుతుంది

చల్లని ఇంజిను ఒక సిలిండరు తప్పించుకుంటూ నడిచి, ఒకటి రెండు నిమిషాలలో తనంతట తానే సర్దుకుంటే చాలామంది పట్టించుకోరు. ఎగ్జాస్ట్ వాల్వు కాడకు, గైడుకు మధ్య మసి గట్టిపడి, వాల్వు పట్టుకుని వదులుతోందన్నమాట. ఒక రోజు వదలకపోతే పుష్‌రాడ్ వంగి ఆ సిలిండరు ఆగిపోతుంది. లైకమింగ్ సర్వీస్ బులెటిన్ 388 ప్రకారం వాల్వు ఊగును కొలిపించి, అవసరమైతే గైడును రీమ్ చేయించాలి (లోపలి మసిని గీకించాలి). సిలిండరు విప్పకుండానే చేయగల పని ఇది.

ముందు చక్రం వణుకు, మెత్తని బ్రేకు, కదలని స్పీడు సూది

ముందు చక్రం దిగేటప్పుడు వణికితే డ్యాంపరు కొనేముందు టైరు గాలి, చక్రం బ్యాలెన్సు, టార్క్ లింకుల బుషింగుల వదులు వరుసగా చూడాలి. బ్రేకు పెడల్ మెత్తగా దిగితే లైనులో గాలి చేరింది. కింది నుంచి పైకి ఆయిల్ ఎక్కిస్తూ ఆ గాలిని తీసేయాలి. ఇక్కడ వాడేది ఎరుపు రంగు మినరల్ హైడ్రాలిక్ ఆయిల్ మాత్రమే. కారు బ్రేకు ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి, మొత్తం వ్యవస్థను విప్పవలసి వస్తుంది. స్పీడు సూది లేవకపోతే వేగం కొలవడానికి ఎదురుగాలిని పట్టే పిటాట్ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టిందేమో చూడాలి. పరికరానికి కలిపి ఉండగా దాని గుండా గాలి ఊదకూడదు.

వేడి గాలి తిప్పగానే తలనొప్పి వస్తుంది

దీనికి చర్చ లేదు. క్యాబిన్ హీటరు ఎగ్జాస్ట్ మఫ్లరు చుట్టూ తిరిగిన గాలిని లోపలికి పంపుతుంది. మఫ్లరులో పగులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. హీటరు మూసి, కిటికీలు తెరిచి, దగ్గరి రన్‌వే మీద దిగి, తొడుగు విప్పించి మఫ్లరును పరీక్షించాలి.

ఆయిల్ ఫిల్టరులో ఇనుప రజను కనబడుతుంది

నేను ఎక్కువ సేపు మాట్లాడేది దీని గురించే. పూర్తి ఫిల్టరు ఉంటే 50 గంటలకు, జల్లెడ మాత్రమే ఉంటే 25 గంటలకు, గంటలు నిండకపోయినా 4 నెలలకు ఆయిల్ మార్చాలి. మార్చిన ప్రతిసారీ ఫిల్టరును దాని కట్టరుతో కోసి విప్పాలి. రంపంతో కోస్తే రంపపు రజనే లోపల పడి అనవసరంగా గుండె ఆగుతుంది. మడతలను పిండి, కడిగి, అయస్కాంతం తిప్పాలి. అంటుకోని మెరుపు ముక్కలు అల్యూమినియం. పిస్టను వైపు చూడాలి. వేళ్ళ మధ్య నలిగిపోయే నల్లని పలుకులు మసి మాత్రమే. అయస్కాంతానికి అంటుకునే సన్నని రేకులైతే అనుమానం వాల్వులను తెరిపించే క్యాంషాఫ్ట్, లిఫ్టర్ల మీదికి వెళ్ళాలి.

లైకమింగ్ ఇంజినులో క్యాంషాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. విమానం వారాల తరబడి నిలిచిపోతే దాని మీది ఆయిల్ కారిపోయి, తేమ తగిలి తుప్పు చుక్కలు పడతాయి. తరువాత ఇంజిను తిరిగినప్పుడు ఆ చుక్కల దగ్గర లిఫ్టరు ముఖం పెచ్చులూడి, క్యాం లోబ్‌ను అరగదీస్తుంది. మా మేనల్లుడి విమానంలో జరిగింది ఇదే. టేకాఫ్‌లో ఆర్‌పీఎం నెలనెలా కొంచెం తగ్గుతున్నా, కంప్రెషన్ పరీక్షలో నాలుగు సిలిండర్లూ బాగున్నాయి. వాల్వులు తక్కువ ఎత్తు తెరుచుకుంటే కంప్రెషన్ చెడిపోదు, బలం మాత్రం పోతుంది. రాకర్ల కదలికను డయల్ గేజితో కొలిచి సిలిండర్లను పోల్చమన్నాను. ఒకటి స్పష్టంగా వెనుకబడింది. ఇంజిను విప్పక తప్పలేదు. తరువాత పాత లాగ్‌బుక్ ఫొటోలు తెప్పించుకుని చూస్తే, అమ్మకానికి ముందు నాలుగేళ్ళలో విమానం ఎగిరింది 14 గంటలు. 'తక్కువ వాడిన ఇంజిను' అన్న మాటకు మా వాడు అదనంగా డబ్బు ఇచ్చాడు. జువ్వలదిన్నె రేవులో రెండు సీజన్లు ఒడ్డున పడి ఉన్న పడవ ఇంజినుకు ఆ మాట చెప్పి ఎక్కువ ధర అడిగితే, కొనే మనిషి నవ్వి వెళ్ళిపోతాడు.

172ఎన్ నమూనాలో వచ్చిన ఓ-320-హెచ్2ఏడీ ఇంజినుకు ఈ బాధ మరింత ఎక్కువ. దానికి ఎల్‌డబ్ల్యూ-16702 అనే ఆయిల్ సంకలనం తప్పనిసరి. కొనబోయే విమానం అదైతే లాగ్‌బుక్‌లో ప్రతి ఆయిల్ మార్పు దగ్గర ఆ పేరు ఉందో లేదో చూడాలి.

నెలకు ఒకసారైనా గంటసేపు, ఆయిల్ ఉష్ణోగ్రత 74 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిచేలా ఎగరాలని లైకమింగ్ చెబుతుంది. ఆ వేడిలోనే ఆయిల్‌లోని నీరు ఆవిరై పోతుంది. ఎగరడానికి తీరిక లేక, మనసు కుదుట పడటానికి నేల మీద పది నిమిషాలు ఇంజిను తిప్పి ఆపేవారు దహనంలో పుట్టిన నీటిని క్రాంక్‌కేసులోకి చేర్చి, దానిని ఆరబెట్టేంత వేడి ఇవ్వకుండానే మూత వేస్తున్నారు. ఎగిరే వీలు లేని వారం దానిని కదిలించకుండా వదిలేయడమే మేలు. నిలకడ నెల దాటుతుందని ముందే తెలిస్తే, నిల్వకు ఉద్దేశించిన ఆయిల్ పోయించి, పై ప్లగ్గుల స్థానంలో తేమను పీల్చే ప్లగ్గులు బిగించి, అవి నీలం నుంచి గులాబీ రంగుకు మారినప్పుడల్లా మార్చుతూ ఉండాలి.